‘యెస్’ అంటే ఐసు వచ్చింది

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల జకార్తా వచ్చి నాలుగు నెలలైంది. ఇక్కడి ఇండోనేషియా భాష నేర్చుకుంటున్నాను గానీ, నోరు తెరిస్తే సగం ఇంగ్లిషే. నిన్న హోటల్లో ‘సాయా వాంట్ కోపీ విదౌట్ గులా’ అన్నాను. మా అబ్బాయి ఒకటే నవ్వు. ఇలా కలిపేస్తుంటే భాష ఎప్పటికీ రాదేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, జకార్తా

జవాబు: నవ్వనివ్వండమ్మా. మీరడిగింది కాఫీ అని వాళ్లకు అర్థమైంది కదా! నేను అక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆఫీసు పక్కన వారుంగ్‌లో, అంటే మన టీ బడ్డీ లాంటి చోట, కొట్టతను ‘తే?’, అంటే టీయా, అని అడిగితే ‘యెస్, తే’ అన్నాను. బయట జోరువాన. ఐసు ముక్కలేసిన గ్లాసు తెచ్చి పెట్టాడు. మొహమాటానికి తాగేశాను. మర్నాడూ అంతే. మూడో రోజు మా డ్రైవర్ చెప్పాడు, వాళ్ల భాషలో ‘ఎస్’ అంటే ఐసట. ‘ఇయా, తే పానస్’ అనుంటే వేడిది వచ్చేది.

కలపడం తప్పేం కాదు. దక్షిణ జకార్తా కుర్రకారు మాటల్లో ‘విచ్ ఈజ్’, ‘లిటరల్లీ’ దొర్లుతూనే ఉంటాయి. ఇలాంటి కలగాపులగానికి ‘బహాసా గాదో-గాదో’ అని పేరు కూడా ఉంది. గాదో-గాదో అంటే ఉడికించిన కూరగాయల మీద పల్లీల సాస్ పోసిచ్చే వంటకం.

కాకపోతే వాళ్లు ‘మీటింగ్‌న్యా ది-క్యాన్సిల్’ అంటారు, మనం ‘మీటింగ్ క్యాన్సిల్ చేశారు’ అన్నట్టే. వెనక ‘న్యా’, ముందు ‘ది’ వాళ్లవే. మీ దగ్గర ఇది తిరగబడింది. కాఫీ, చక్కెర వాళ్ల మాటల్లో చెప్పి, ‘వాంట్’, ‘విదౌట్’ ఇంగ్లిష్‌లో ఉంచేశారు. ముందు ఈ చిన్న మాటలు పట్టండి: మావు అంటే కావాలి, తన్పా అంటే లేకుండా, బెలుమ్ అంటే ఇంకా లేదు. భోంచేశారా అని ఎవరైనా అడిగితే ‘నో’ అనకుండా ‘బెలుమ్’ అని చూడండి, వాళ్ల మొహం ఎలా వెలిగిపోతుందో!

ఇంకోటి, ఇంగ్లిష్ మీదుగా కాకుండా తెలుగులోంచే నేరుగా వెళ్లండి. కితా అంటే మనం, కామి అంటే మేము. మనకు పుట్టుకతో వచ్చిందే. మా ఆఫీసులో ఓ ఆస్ట్రేలియా ఆయనకు రెండూ ‘వీ’నే. భార్యాపిల్లలతో బాలీ వెళ్తున్నానని చెప్పబోయి ‘కితా’ అన్నాడు. మా ప్యూన్ వెంటనే అడిగాడు, ‘ఎన్నింటికి బయల్దేరాలి సార్?’ అని.