పెద్ద యూనివర్సిటీకి మారనా? ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మాది చిన్న కాలేజీ. క్లాసులో ముప్పై మందికి మించి ఉండం. లెక్చరర్లందరికీ మేం పేరుపేరునా తెలుసు. మార్కులూ బాగానే వస్తున్నాయి. అయితే నాకు మెదడు, నాడీవ్యవస్థ మీద పనిచేయాలని ఉంది. మా కాలేజీలో అందుకు ఒక్క పేపర్ తప్ప ఏమీ లేదు, ల్యాబ్ అసలే లేదు. ఓ పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకునే వీలుంది. గడువు నెలన్నరే. నాన్న ‘పేరున్న చోట చదివితే ఆ లెక్కే వేరు, వెళ్లు’ అంటున్నారు. అమ్మ ససేమిరా అంటోంది. మా అన్నయ్య అలాంటి పెద్ద యూనివర్సిటీలోనే చేరి, ఏడాది తిరక్కుండా మానేసి వచ్చేశాడు. ఆ ఊసెత్తితే ఇంట్లో గొడవే. ఈమధ్య నా రూమ్మేట్‌తో కూడా చెడింది, కాలేజీకి వెళ్లబుద్ధి కావడం లేదు. వదిలేసి వెళ్తే లెక్చరర్లు ఏమనుకుంటారోనని మరో బెంగ. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. అప్లై చేయమంటారా?
- ఓ విద్యార్థిని

జవాబు: చేయండి. అప్లై చేసినంత మాత్రాన చేరిపోయినట్టు కాదు. సీటు వచ్చాక కూడా వద్దనుకోవచ్చు. గడువు దాటితే మాత్రం ఆ దారి మూసుకుపోవచ్చు, ఎందుకంటే చదువు ముప్పావు వంతు అయిపోయిన వాళ్లను తీసుకోవడానికి చాలా యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఒక్క జాగ్రత్త: అవతల సీటు ఖాయమై కాగితం చేతికొచ్చేదాకా ఇక్కడి సీటు వదులుకోకండి, ఎలాగూ వెళ్లిపోతున్నాం కదా అని ఈ సెమిస్టర్ పరీక్షలను తేలిగ్గా తీసుకోకండి. ఆఖరి మార్కులు చూశాకే సీటు ఖాయం చేసే చోట్లు చాలా ఉన్నాయి.

ఇక ఇంటి సంగతి. మీ ఇంట్లో జరుగుతున్న గొడవ నిజానికి మీ గురించి కాదేమో అనిపిస్తోంది. అన్నయ్య విషయంలో అనుకున్నది జరగలేదు. ఆ లోటు మీతో తీరుతుందని నాన్నగారి ఆశ. ఆ ఏడాది పడిన క్షోభ మళ్లీ పడాల్సి వస్తుందేమోనని అమ్మగారి భయం. ఉత్తరాన్ని బట్టి ఇంతకంటే గట్టిగా చెప్పలేను. అయితే ఒకటి గమనించాను. నాన్న ఏమన్నారో రాశారు, అమ్మ ఏమందో రాశారు. అన్నయ్య ఏమంటున్నాడో ఒక్క ముక్క కూడా లేదు. మీ ఇంట్లో పెద్ద యూనివర్సిటీ ఎలా ఉంటుందో లోపలినుంచి చూసిన మనిషి అతనొక్కడే, అతన్నే ఎవరూ అడగలేదు!

మీరు అడగండి. ‘ఎందుకు మానేశావ్?’ అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ ప్రశ్న అతను ఇప్పటికే ఎన్ని గొంతుల్లో విన్నాడో. మామూలు రోజు ఎలా గడిచేది? మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తినేవాడు? పాఠం అర్థం కాకపోతే ఎవరినడిగేవాడు? జ్వరమొస్తే పక్కవాళ్లకు తెలిసేదా? ఇలాంటివి అడగండి. తల్లిదండ్రులు లేనప్పుడు, తీరిగ్గా. అతను చెప్పేదాంట్లో కారణం ఏమిటో మీకే అర్థమవుతుంది. ఇష్టంలేని కోర్సులో ఇరుక్కుని మానేశాడంటే ఆ కథ మీకు వర్తించదు, మీకు ఏం కావాలో మీకు తెలుసు. అలా కాక, నెలల తరబడి వెనక వరుసలో కూర్చుని, ఎవరినీ పలకరించలేక, మార్కులు పడిపోయాక కూడా ఎవరికీ చెప్పుకోలేక వచ్చేశాడంటే మాత్రం జాగ్రత్తగా వినండి. పెద్ద చోట అందరికీ ఎదురయ్యే కష్టం అదే. ఇప్పుడు మీ లెక్చరర్లు మీ ముఖం చూసి ‘ఏమ్మా, అలా ఉన్నావ్?’ అని అడుగుతున్నారు. అక్కడ ఎవరూ అడగరు. మీరే వెళ్లి చెప్పాలి. చొరవగా వెళ్లి అడగగలిగే మనిషికి పెద్ద యూనివర్సిటీ నిధి. ఎవరో ఒకరు పిలిచి అడిగితే తప్ప నోరు విప్పని మనిషికి అక్కడ మొదటి సెమిస్టర్ నరకంలా ఉంటుంది. మీరు ఏ రకమో నాకన్నా మీకే బాగా తెలుసు.

యూనివర్సిటీ బ్రోషర్‌లో ‘సగటు క్లాసు’ లెక్క కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోకండి. లెక్క కోసం పది క్లాసులు ఉన్నాయనుకుందాం. తొమ్మిదింటిలో 20 మంది చొప్పున, ఒకదాంట్లో 400 మంది. క్లాసుల సగటు తీస్తే 58 వస్తుంది, బ్రోషర్‌లో అదే వేస్తారు. కానీ మొత్తం 580 సీట్లలో 400 సీట్లు ఆ ఒక్క హాల్లోనే ఉన్నాయి. విద్యార్థి వైపు నుంచి లెక్కేస్తే సగటు 280 దాటుతుంది. రెండు లెక్కలూ నిజమే, మీరు కూర్చోబోయేది మాత్రం రెండోదాంట్లో. టీచర్లకూ విద్యార్థులకూ ఉండే నిష్పత్తీ అంతే. ఎక్కువగా పరిశోధనలోనో, పీజీ వాళ్లకు చెప్పడంలోనో ఉండే ప్రొఫెసర్లనూ అందులో కలిపేసి ఉండొచ్చు. కాబట్టి సగటు వద్దు. ‘మూడో ఏడాదిలో నేను తీసుకోబోయే ఈ నాలుగు కోర్సుల్లో కిందటి సెమిస్టర్ ఎంతమంది ఉన్నారు? పాఠం ప్రొఫెసర్ చెబుతారా, టీచింగ్ అసిస్టెంటా?’ అని డిపార్ట్‌మెంట్‌కే మెయిల్ పెట్టండి. ఇందులో మీకు కలిసొచ్చేది కూడా ఒకటుంది. వందల మంది నిండే హాళ్లు చాలావరకు మొదటి ఏడాది కోర్సులవే. మూడో ఏడాదికొచ్చేసరికి స్పెషలైజేషన్ క్లాసులు చిన్నవవుతాయి. యూనివర్సిటీ ఎంత పెద్దదైనా మీరు రోజూ తిరిగేది ఒక డిపార్ట్‌మెంట్‌లో, ఒక ల్యాబ్‌లో.

ఆ ల్యాబ్ గురించే ఇంకో మాట. ల్యాబ్ ఉండటం వేరు, డిగ్రీ పిల్లలను అందులోకి రానివ్వడం వేరు. పీజీ, పీహెచ్‌డీ వాళ్లకే చోటు చాలని చోట్లు ఉంటాయి. ట్రాన్స్‌ఫర్‌పై వచ్చినవాళ్లకు అవకాశం ఉందా, ఏ సెమిస్టర్ నుంచి, ఎంపిక ఎలా అనేది ముందే కనుక్కోండి. మీరు వెళ్లాలనుకోవడానికి అసలు కారణం ఆ ల్యాబే కదా. అక్కడ మీకు చోటు లేదంటే ఇంత శ్రమ దేనికి?

అన్నిటికన్నా పెద్ద తిరకాసు క్రెడిట్లలో, అంటే ఒక్కో కోర్సు పాసైతే డిగ్రీ లెక్కలో జమయ్యే పాయింట్లలో ఉంది. ట్రాన్స్‌ఫర్ గురించి మాట్లాడేటప్పుడు ‘మీ క్రెడిట్లన్నీ తీసుకుంటాం’ అంటారు. సంతోషంగా తలూపేయకండి. తీసుకోవడం వేరు, మీ డిగ్రీకి లెక్కలోకి రావడం వేరు. మీరిక్కడ చదివిన జీవరసాయన శాస్త్రాన్ని వాళ్ల జీవరసాయన శాస్త్రానికి సమానంగా ఒప్పుకున్నారా, లేక ఉత్తి ఎలక్టివ్‌గా (ఐచ్ఛిక సబ్జెక్టుగా) పక్కన పెట్టారా అన్నది చూడాలి. రెండో రకమైతే క్రెడిట్ వచ్చినట్టే ఉంటుంది కానీ ఆ సబ్జెక్టు మళ్లీ చదవాలి. పైగా కోర్సులు గొలుసుకట్టుగా ఉంటాయి. మొదటిది పాసైతేనే రెండోదానికి రానిస్తారు, ఆ మొదటిది ఏడాదికి ఒక్కసారే చెబుతారు. ఒక్క సబ్జెక్టు దగ్గర ఆగిపోయినా ఏడాది పోవచ్చు. దానికితోడు, తమ దగ్గర కనీసం ఇన్ని క్రెడిట్లు చదివితేనే డిగ్రీ ఇస్తామనే నిబంధన చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది. కొన్నిచోట్ల క్రెడిట్లు వస్తాయి, గ్రేడ్లు రావు. అంటే ఇంతకాలం కష్టపడి తెచ్చుకున్న మార్కుల సగటు అక్కడ సున్నా నుంచి మొదలవుతుంది.

అందుకని మీరిప్పటిదాకా చదివిన ప్రతి కోర్సు సిలబస్‌నూ, పుస్తకాల పేర్లతో, ల్యాబ్ గంటలతో సహా ఒకచోట పెట్టుకోండి. కోర్సు పేరు చూసి కాదన్నది సిలబస్ చూపిస్తే ఒప్పుకునే సందర్భాలుంటాయి. ఏ సబ్జెక్టుకు ఏది సమానమో, ఇంకా ఎన్ని సెమిస్టర్లు పడుతుందో రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రేపు ఎవరూ పూచీ ఉండరు. స్కాలర్‌షిప్, హాస్టల్ గది గురించి కూడా అదే ఉత్తరంలో అడిగేయండి. ఈ రెండిట్లోనూ మొదటి ఏడాది చేరినవాళ్లకే ముందు ఇచ్చి, మిగిలితే ట్రాన్స్‌ఫర్ వాళ్లకు ఇచ్చే చోట్లున్నాయి.

వెళ్తే మొదటి సెమిస్టర్‌లో మార్కులు కొంచెం తగ్గొచ్చు. జాన్ హిల్స్ అనే పరిశోధకుడు 1965లోనే దీన్ని ‘ట్రాన్స్‌ఫర్ షాక్’ అన్నాడు. అమెరికాలో రెండేళ్ల జూనియర్ కాలేజీల నుంచి నాలుగేళ్ల కాలేజీలకు మారినవాళ్లలో చాలామందికి మొదట్లో మార్కులు తగ్గి, ఆ తర్వాత కోలుకుంటాయని అప్పటి అధ్యయనాలను పోల్చి చెప్పాడు. ఈ సంగతి మీకన్నా మీ ఇంట్లో వాళ్లకు ముందే తెలియాలి. లేకపోతే మొదటి మార్కుల లిస్టు చూడగానే అమ్మగారు ‘నేను చెప్పలేదూ’ అంటారు, అన్నయ్య కథ మళ్లీ మొదలవుతుంది.

నాన్నగారు చెప్పే పేరు సంగతి కొట్టిపారేయను. పేరున్న చోటునుంచి వచ్చిన దరఖాస్తును ఇంకో నిమిషం ఎక్కువ చూస్తారు, నిజమే. కానీ సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ, పర్‌డ్యూ యూనివర్సిటీ కలిసి 2014లో అమెరికాలో 30,000 మందికి పైగా గ్రాడ్యుయేట్లను అడిగి చూస్తే తేలింది వేరు. చదువయ్యాక ఉద్యోగంలో మనసుపెట్టి పనిచేయడానికి, ఎలాంటి కాలేజీలో చదివారన్నదానికన్నా, తమను పట్టించుకున్న ప్రొఫెసర్ ఒకరున్నారా, చదువు మీద ఉత్సాహం కలిగించినవారున్నారా, వెన్నుతట్టిన మెంటర్ ఉన్నారా అన్నదానికే ఎక్కువ సంబంధం కనిపించింది. అలాంటివాళ్లు ఇప్పుడు మీకు ఉన్నారు. ఆ ఊరికి వెళ్లాక కూడా వెతుక్కోవాలి, ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థులను కలవడానికి వాళ్లు కేటాయించే సమయానికి) మొదటి రెండు వారాల్లోనే ఏదో ఒక ప్రశ్నతో వెళ్లాలి. గది ముందు క్యూ ఉంటుందేమోనని భయపడతారు. పరీక్షల ముందు వారం తప్ప చాలావరకు ఖాళీగానే ఉంటుంది.

రూమ్మేట్ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. నాకు అది అంత చిన్నగా కనిపించలేదు. రేపు ఆ అమ్మాయితో మళ్లీ మాటలు కలిశాయనుకోండి, ఎప్పట్లాగే నవ్వుకుంటూ క్లాసుకు వెళ్తున్నారనుకోండి. అప్పుడూ ఆ ల్యాబ్ కావాలనిపిస్తుందా? అనిపిస్తే మంచిది. ఆ కోరిక కాస్త చల్లబడుతుందేమో అనిపిస్తే మాత్రం ముందు ఈ గొడవ తేల్చుకోండి, లేదా గది మారండి. గది మారితే సరిపోయేదానికి యూనివర్సిటీ మారక్కర్లేదు. నిద్రలేమి ఇంకో రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌నో, కాలేజీలో కౌన్సెలర్ ఉంటే వాళ్లనో కలవండి. అప్లికేషన్ పోస్ట్ చేశాక దానంతటదే తగ్గుతుందని ఎదురుచూడకండి.

సరే, సీటు వచ్చింది, క్రెడిట్ల కాగితం వచ్చింది అనుకుందాం. అప్పుడేం చేయాలి? నన్నడిగితే, అదనంగా ఒక సెమిస్టర్ మాత్రమే పడుతుందంటే, ల్యాబ్‌లోకి రానిస్తామంటే వెళ్లండి. ఏడాదికి పైగా వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆగండి. డిగ్రీ ఇక్కడే పూర్తిచేసి, అదే యూనివర్సిటీకి పీజీకి వెళ్లొచ్చు. మీరు కోరుకునే పరిశోధన ఎక్కువగా జరిగేది కూడా అక్కడే. మధ్యలో సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్, లేదా ఒక సెమిస్టర్ విజిటింగ్ స్టూడెంట్‌గా వెళ్లే వీలుందేమో చూడండి. ఈ మధ్యేమార్గం అమ్మగారికీ నచ్చుతుందేమో. ఆమెతో మాట్లాడేటప్పుడు ‘నాకేం కాదు’ అని ధైర్యం చెప్పి వదిలేయకండి. భయపడే మనిషికి ఆ మాట పనిచేయదు. వారంలో ఏ రోజు ఫోన్ చేస్తారో, మొదటి సెమిస్టర్ బాగాలేకపోతే ఏం చేస్తారో, అప్పుడు తిరిగి రావడానికి ఇక్కడి కాలేజీ ఒప్పుకుంటుందా లేదా కనుక్కుని చెప్పండి. అన్నయ్య కూడా పక్కన కూర్చుంటే ఇంకా మేలు.

లెక్చరర్లు నొచ్చుకుంటారన్న బెంగ పెట్టుకోకండి. బాగా చదివే పిల్లలు పైకి వెళ్లడం వాళ్లకు కొత్త కాదు. మీ రికమండేషన్ లెటర్లు రాయాల్సింది వాళ్లే. దానికి వాళ్లకు రెండు మూడు వారాలైనా సమయం ఇవ్వాలి. గడువు నెలన్నరే కాబట్టి ఈ వారమే వెళ్లండి. ‘ఎందుకు మారాలనుకుంటున్నాను’ అని అప్లికేషన్‌లో రాయాల్సిన వ్యాసం ముందే చిత్తుగా రాసి, చూడమని ఇవ్వండి. అందులో యూనివర్సిటీ పేరుప్రతిష్ఠల గురించి ఒక్క ముక్క లేకుండా, కావలసిన కోర్సులు, ల్యాబ్, అక్కడ చేయాలనుకుంటున్న పని గురించి ఒక పేజీ నింపగలరేమో చూసుకోండి. అరపేజీ దగ్గర కలం ఆగిపోతే, ఆ విషయం కూడా వాళ్లకే చెప్పండి. మీ సబ్జెక్టూ, మీరూ ఇద్దరూ తెలిసినవాళ్లు ప్రస్తుతానికి వాళ్లే.