రియాక్టా, యాంగ్యులరా, అసలేదీ వద్దా? మీ ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ, ఏ ఫ్రేమ్‌వర్క్ (వెబ్‌సైట్లు కట్టడానికి జావాస్క్రిప్ట్ భాషలో ముందే తయారుగా దొరికే చట్రం) పట్టుకోవాలి అని. అందుకే మిగతావి వచ్చే నెలకి పక్కన పెట్టి ఇవే తీసుకున్నా. ఒకరికి చెప్పింది ఇంకొకరికి పనికిరాదు, ముందే చెప్తున్నా, బేగంబజార్ అన్నగారికి రాసింది చదివి మాదాపూర్ వాళ్ళు నా మీదకి రావొద్దు.

ప్రశ్న: అన్నా, మాది ఖమ్మం దగ్గర. బీటెక్ ఐపోయి ఎస్‌ఆర్ నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్నా, అమీర్‌పేటలో రియాక్ట్ కోర్సుకి ఫీజు కట్టేశా. మా రూమ్మేటేమో యాంగ్యులర్ వస్తేనే పెద్ద కంపెనీలో జాబ్ అంటాడు, యూట్యూబ్‌లో ఒకాయన రెండూ వేస్ట్, స్వెల్ట్ నేర్చుకోండి అంటాడు. బుర్ర తిరిగిపోతోంది. ఏది నేర్చుకోవాలి?

జవాబు: తమ్ముడూ, ఫీజు కట్టేశావు కదా, రియాక్టే నేర్చుకో. జోక్ కాదు, నిజంగానే చెప్తున్నా. ఒకటి సరిగ్గా వచ్చినవాడికి రెండోది నాలుగైదు వారాల పని, మూడూ సగం సగం వచ్చినవాడికి మాత్రం ఏ ఇంటర్వ్యూలోనూ నోరు పెగలదు.

మీ రూమ్మేట్ చెప్పింది కూడా పూర్తిగా తప్పు కాదులే. నేను చూసినంతలో ఇక్కడ బ్యాంకులు, ఇన్సూరెన్స్ లాంటి పెద్ద క్లయింట్ల ప్రాజెక్టులు, వెనకాల సర్వర్‌లో జావానో డాట్‌నెట్టో ఉన్నవి, వాటిల్లో యాంగ్యులర్ బాగా కనిపిస్తుంది. ఎందుకంటే ఏ లింక్‌కి ఏ పేజీ చూపాలో చూసుకునే రౌటర్, ఫారాలు, సర్వర్‌తో మాట్లాడే క్లయింట్, అన్నీ ఒకే డబ్బాలో వచ్చేస్తాయి, పైగా ఏ డేటా ఏ రకమో ముందే రాసుకునే టైప్‌స్క్రిప్ట్‌లోనే రాయాలి కాబట్టి యాభై మంది కూర్చుని రాసినా కోడ్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది, అలాంటి టీమ్‌లకి కావాల్సింది అదే. రియాక్ట్ అట్లా కాదు. 2013లో ఫేస్‌బుక్ వాళ్ళు బయటికి వదిలినప్పట్నుంచీ వాళ్ళే దాన్ని లైబ్రరీ అనే అంటున్నారు, డేటా మారితే తెర మీద ఏం మారాలో అంతవరకే అది చూసుకుంటుంది, మిగతావన్నీ నువ్వే ఏరుకోవాలి. అన్నీ వడ్డించిన ప్లేట్ మీల్స్‌కీ కర్రీ పాయింట్‌లో ఏరి తెచ్చుకోవడానికీ ఉన్నంత తేడా అనుకో. స్టార్టప్‌లు రెండోదాని వైపే ఎక్కువ మొగ్గుతాయి. స్వెల్ట్ మంచిదే, బ్రౌజర్‌లోకి వెళ్ళకముందే కంపైల్ చేసేసి, అంటే మామూలు జావాస్క్రిప్ట్‌గా మార్చేసి, తక్కువ కోడ్ పంపిస్తుంది, నాకూ ఇష్టమే, కానీ నీకిప్పుడు కావాల్సింది మొదటి జాబ్, ఆదివారం సరదాకి అది నేర్చుకో.

నీ కోర్స్ సంగతి మాత్రం ఒకసారి చూసుకో. మొదటి రోజు ప్రాజెక్ట్ దేంతో మొదలుపెట్టించారు? క్రియేట్ రియాక్ట్ యాప్ అనే పాత పనిముట్టు అయితే సార్‌ని అడుగు, దాన్ని 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమే పక్కన పెట్టేసింది, కొత్తవాటికి వాడొద్దంది, విట్ (Vite) అనే కొత్తదానితో మొదలెట్టించమను. రియాక్ట్ రాసే కొత్త తీరు, హుక్స్, వచ్చి కూడా 2019 నుంచి లెక్క, ఇంకా నెలంతా పాత తీరు క్లాస్ కాంపొనెంట్లే చెప్తుంటే ఆ నోట్స్ మీ సీనియర్ బ్యాచ్‌ది కూడా కాదు, వాళ్ళ సీనియర్‌ది.

ఇంకోటి. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు రియాక్ట్ జోలికి చాలా సేపు వెళ్ళను. జావాస్క్రిప్ట్‌లో వార్ (var) తో ఒక లూప్ రాస్తా, 0 నుంచి 2 దాకా, లోపల కాస్త ఆగాక పని చేయించే సెట్‌టైమౌట్‌లో ఆ నంబర్ ప్రింట్ చేయిస్తా, ఏమొస్తుంది అని అడుగుతా. చాలామంది 0 1 2 అంటారు. వచ్చేది 3 3 3, ప్రింట్ అయ్యేలోపే లూప్ ఐపోయి ఆ నంబర్ 3కి చేరిపోతుంది కాబట్టి. తప్పు చెప్పినా పర్లేదు, ఎందుకలా వచ్చిందో పెన్ను పట్టుకుని కనుక్కోగలిగితే చాలు నాకు. ఆ పిల్లాడికి రియాక్ట్‌లో పాత వాల్యూ పట్టుకుని వేలాడే బగ్ వచ్చినా అర్థమవుతుంది, లేనివాడు రెండు రోజులు తల పట్టుకుంటాడు. మైత్రీవనం చుట్టూ కోచింగ్ బోర్డుల మీద పేర్లు మారుతూనే ఉంటాయి, నేను నేర్చుకున్నప్పుడు జేక్వెరీ అనే లైబ్రరీది రాజ్యం, కింద ఉండే జావాస్క్రిప్ట్ మాత్రం అదే.

ప్రశ్న: బాబూ, నాకు బేగంబజార్ల డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్ షాపుంది. వెబ్‌సైట్ పెడ్దామని మా మేనల్లుడిని అడిగితే నెక్స్ట్ జేఎస్‌ల చేస్తా మామా, మూడు నెలలు పడ్తది అంటున్నడు. బయట ఇంకొకరు వేరే పేరేదో చెప్పి లక్షా ఇరవై వేలు అడిగిన్రు. మా దగ్గర అరవై ఐటమ్స్ ఉంటయి, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లనే వస్తయి. ఏది మంచిదో చెప్పు.

జవాబు: అన్నగారూ, మీకు రెండూ వద్దు. అరవై ఐటమ్స్, రేట్లు, షాపు అడ్రస్, ఫోన్ నంబర్, దీనికి ఫ్రేమ్‌వర్క్ ఎందుకండీ, మామూలు పేజీలు చాలు. మీ మేనల్లుడికి ఏదో ఒకటి వాడాలనే ముచ్చటుంటే ఆస్ట్రో వాడుకోమనండి, అది చివరికి మామూలు పేజీలే తయారు చేసి పెడుతుంది, కాబట్టి మీకూ నష్టం లేదు వాడికీ నేర్చుకున్నట్టుంటుంది. ఒక్కో ఐటమ్ కింద వాట్సాప్ లింక్ పెట్టిస్తే నొక్కగానే మీ నంబర్‌కి చాట్ తెరుచుకుని "బాదం, అర కిలో" అని ముందే టైపై ఉంటుంది, కస్టమర్ సెండ్ కొడితే చాలు. మీ వ్యాపారం ఎలాగూ అక్కడే నడుస్తోంది, దాన్నెందుకు కదపడం.

నిజంగా చూసుకోవాల్సింది ఫొటోలు. ఈ కాలం ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కోటి 4 ఎంబీ ఉంటుంది, అరవై ఐటమ్స్‌కి 240 ఎంబీ, అవి అట్లాగే ఎక్కిస్తే కస్టమర్ డేటా సగం మీ కాజూకే ఐపోతుంది. అదే వెబ్‌పీ అనే తేలిక ఫొటో రకంలోకి మార్చి సైజు తగ్గిస్తే ఒక్కోటి 100 కేబీలోపే వస్తుంది. రియాక్ట్ బరువెక్కువ, వ్యూ (Vue, ఇంకో ఫ్రేమ్‌వర్క్) తక్కువ అని కుర్రాళ్ళు కొట్టుకునేదంతా ఒక అర ఫొటో అంత కూడా ఉండదు. సైటు తయారయ్యాక మీ షాపులో మూటలు మోసే అబ్బాయి ఫోన్ తీసుకుని, వైఫై ఆపేసి, అందులో తెరిచి చూడండి. ఓనర్ ఫోన్‌లో బాగుంటే సరిపోదు, అందరిదీ ఐఫోన్ కాదు కదా.

మేనల్లుడిని ఇంకొక మాట అడగండి. దీపావళికి వారం ముందు బాదం రేటు మారింది, అప్పటికి వాడు ఎంఎస్‌కని అమెరికా వెళ్ళిపోయాడు, రేటు ఎవరు మారుస్తారు? మీ గుమాస్తా ఎక్సెల్ షీట్‌లో మారిస్తే సైట్‌లో మారేలా చేసిస్తానంటే వాడికే ఇవ్వండి పని. డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రస్, మాత్రం మీ ఈమెయిల్ మీద, మీ పేరు మీదే కొనండి, ఇది చాలామంది మర్చిపోతారు, చేసినవాడి పేరు మీద ఉండిపోయి తర్వాత వాడి చుట్టూ తిరిగిన షాపులవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

ప్రశ్న: సార్, మాదాపూర్‌లో టీమ్ లీడ్‌ని. మా ప్రాడక్ట్ ఇప్పటికీ పాత తరం యాంగ్యులర్ జేఎస్ 1లోనే ఉంది, దాదాపు రెండు లక్షల లైన్లు. మేనేజ్‌మెంట్ మొత్తం రియాక్ట్‌లో తిరగరాద్దాం, ఆరు నెల్లలో ఐపోవాలి అంటోంది. టీమ్‌లో ఎనిమిది మందికి యాంగ్యులర్, జావా వచ్చు, రియాక్ట్ ఇద్దరికే వచ్చు. ఏమంటారు?

జవాబు: ఆరు నెలలు అన్న చోట నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఎందుకో చెప్తా. 2015లో ఒక క్లయింట్ పని యాంగ్యులర్ జేఎస్‌లో మొదలుపెట్టించింది నేనే, మీటింగ్‌లో బల్ల గుద్ది మరీ చెప్పా. 2016 సెప్టెంబర్‌లో యాంగ్యులర్ 2 వచ్చింది, పేరొక్కటే పాతది, లోపలంతా కొత్తగా రాసిన వేరే సరుకు. మేమూ ఆరు నెలలే అనుకున్నాం, పద్నాలుగు నెలలు పట్టింది, ఆ పద్నాలుగు నెలలూ క్లయింట్ అడిగిన ఒక్క కొత్త ఫీచరూ ఇవ్వలేకపోయాం. తిరగరాయడంలో కష్టం కొత్త కోడ్ కాదు, పాత స్క్రీన్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన చిన్న ఇఫ్ కండిషన్, అది ఎందుకుందో తెలిసినవాడు రిజైన్ చేసి వెళ్ళిపోయుంటాడు.

మారడం మాత్రం తప్పదు. యాంగ్యులర్ జేఎస్‌కి సపోర్ట్ 2021 డిసెంబర్ 31తోనే ఐపోయింది, సెక్యూరిటీ రంధ్రం బయటపడితే అతుకు వేసేవాళ్ళు యాంగ్యులర్ టీమ్ వైపు లేరు, మీ క్లయింట్ ఆడిట్‌లో ఇప్పటికే అడిగుండాలి. కానీ ఒక్కసారిగా వద్దు. ఎనిమిది మందికి యాంగ్యులర్ వచ్చంటున్నారు కదా, కొత్త యాంగ్యులర్‌కే వెళ్ళండి. ఎన్‌జీ అప్‌గ్రేడ్ అని యాంగ్యులర్ వాళ్ళదే ఒకటుంది, పాతదీ కొత్తదీ ఒకే యాప్‌లో పక్కపక్కన నడుస్తాయి, స్క్రీన్ తర్వాత స్క్రీన్ మార్చుకుంటూ పోవచ్చు. లాగిన్‌తో మొదలుపెట్టకండి, అందరూ అదే చేస్తారు, ఎక్కువ మార్పులొచ్చే స్క్రీన్ పట్టుకోండి, అప్పుడే మేనేజ్‌మెంట్‌కి తేడా కనిపిస్తుంది. మీవాళ్ళు నేర్చుకున్నది ఏ కాలం యాంగ్యులరో కూడా కనుక్కోండి, 17వ వెర్షన్ 2023 నవంబర్‌లో వచ్చాక టెంప్లేట్‌లు (తెర మీద కనపడే భాగం) రాసే తీరు బాగా మారింది, డేటా మార్పుని కనిపెట్టే సిగ్నల్స్ స్థిరపడ్డాయి, ముక్కలన్నీ మూటకట్టే మాడ్యూల్స్ గోల తగ్గింది. ఆరు నెలలకో కొత్త మేజర్ వెర్షన్, ఒక్కోదానికి 18 నెలల సపోర్ట్, ఈ లెక్క ఇప్పుడే మేనేజ్‌మెంట్ ముందు పెట్టేయండి, ఏడాదికోసారైనా అప్‌గ్రేడ్‌కి టైమ్ ఇస్తామని మెయిల్‌లో రాయించుకోండి.

రియాక్ట్ మీద వాళ్ళకి ఎందుకంత మోజు అని కూడా అడగండి. కొత్తవాళ్ళు తొందరగా దొరుకుతారని అయితే అది సబబైన కారణమే, మళ్ళీ ఆలోచించాలి. ఎవరో డైరెక్టర్ గారబ్బాయి చెప్పాడని అయితే మీరు బల్ల గుద్దొచ్చు.

ప్రశ్న: నమస్తే అండీ, నిజాంపేట నుంచి రాస్తున్నా. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ కోడింగ్ మొదలుపెట్టా, మా అత్తయ్యగారి పచ్చళ్ళకి వ్యూలో సైట్ చేస్తున్నా. సెర్చ్‌లో ఇంగ్లీష్ టైప్ చేస్తే వెంటనే ఐటమ్స్ వస్తున్నాయి, ఫోన్‌లో తెలుగులో "గోంగూర" కొడితే మాత్రం స్పేస్ నొక్కేదాకా ఏమీ రావట్లేదు. మా తమ్ముడు వ్యూ వదిలేసి రియాక్ట్‌కి మారిపో అక్కా అంటున్నాడు. మారాలా?

జవాబు: ఈ నెలలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదేనండీ. మారొద్దు, రెండు లైన్ల పని.

జరుగుతున్నది ఏంటంటే, ఫోన్ కీబోర్డ్‌లో మీరు ఇంగ్లీష్ అక్షరాలతో కొడితే అది తెలుగు చేస్తుంది కదా, ఆ పదం కింద గీత ఉన్నంతసేపూ ఇంకా తయారవుతోందని లెక్క. వ్యూలో వీ-మోడల్ (టైప్ చేసినదాన్ని వాల్యూలోకి ఎక్కించేది) అలాంటప్పుడు కావాలనే ఆగుతుంది, పదం ఖాయమయ్యాకే వాల్యూ మారుస్తుంది. చైనీస్, జపనీస్, కొరియన్ లాంటి భాషలకి అలా పెట్టారు, వాళ్ళ డాక్యుమెంటేషన్‌లోనే రాసుంటుంది, మన గోంగూర మధ్యలో చిక్కుకుంది. వీ-మోడల్ తీసేసి, వాల్యూని విడిగా బైండ్ చేసి, ఇన్‌పుట్ ఈవెంట్ (పెట్టెలో రాత మారిందని బ్రౌజర్ ఇచ్చే కబురు) వచ్చినప్పుడల్లా మీరే సెట్ చేసుకోండి, పెట్టెలో "గో" కనపడగానే ఐటమ్ వస్తుంది.

ఎలాగూ తెలుగులో చేస్తున్నారు కాబట్టి ఇంకో రెండు గోతులు చూపిస్తా, ఇవి ఏ ఫ్రేమ్‌వర్క్‌కి మారినా పోవు. "చికెన్‌పచ్చడి" అని మీరు రాసినదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనపడని క్యారెక్టర్ ఒకటి ఉంటుంది, కస్టమర్ అది లేకుండా "చికెన్పచ్చడి" అని కొడితే కంప్యూటర్‌కి అవి రెండూ వేరు, సెర్చ్‌లో దొరకదు. పోల్చేముందు రెండు వైపులా దాన్ని తీసేయండి, అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే పట్టిక యూనికోడ్‌లో దాని నంబర్ 200సీ. రెండోది, పేరు పొడుగైందని జావాస్క్రిప్ట్‌లో ముక్క కోసే స్లైస్‌తో పన్నెండు అక్షరాలకి కోస్తే వత్తు మధ్యలో తెగుతుంది, మనకి "శ్రీ" ఒక్క అక్షరం, జావాస్క్రిప్ట్‌కి దాని పొడవు 4 (శ, పొల్లు, ర, గుడిదీర్ఘం). కోతలు పేజీ రూపం చూసుకునే సీఎస్ఎస్‌కి వదిలేయండి, చుక్కలు అదే పెట్టుకుంటుంది.

వ్యూ వెర్షన్ ఒకసారి చూసుకోండి, పాత పుస్తకం పట్టుకుని మొదలుపెట్టి ఉంటే 2 అయ్యుండొచ్చు, దానికి సపోర్ట్ 2023 చివర్లోనే ఆగిపోయింది, 3లో చేయండి. అత్తయ్యగారిని ఉసిరికాయ కూడా పెట్టమనండి.

ప్రశ్న: అన్నా, ఇప్పుడు ఏఐనే కోడ్ రాసేస్తోంది కదా, ఇంక ఏ ఫ్రేమ్‌వర్క్ ఐతే ఏంటి? (ఉప్పల్ నుంచి)

జవాబు: ఏదీ చెప్పకుండా పేజీ చేసిమ్మంటే నాకైతే ఎక్కువసార్లు రియాక్ట్‌లోనే ఇస్తోంది, కాబట్టి నువ్వు ఎంచుకోకపోతే అది ఎంచుకుంటుంది, అంతే తేడా. మొన్న మా యాంగ్యులర్ ప్రాజెక్ట్‌లో ఒక స్క్రీన్ అట్లాగే చేయించారు, కొత్త పద్ధతిలో ఎట్ ఇఫ్ (@if) అని రాయాల్సిన చోట పాత స్టార్ ఎన్‌జీఇఫ్ (*ngIf) పెట్టిచ్చింది. పని చేస్తోంది కాబట్టి సీనియర్లు ఎవరూ చూడలేదు, నాతో సహా. కొత్తగా చేరిన అమ్మాయి రివ్యూలో పట్టుకుని ఇది 20వ వెర్షన్‌లో డెప్రికేట్ చేశారు, ఇక వాడొద్దన్నారు సార్ అని కామెంట్ పెట్టింది. ఇప్పుడు ఆ ప్రాజెక్ట్‌లో రెండు రకాలూ ఉన్నాయి, వచ్చే స్ప్రింట్‌లో (పని విడతలో) కూర్చుని మార్చాలి.