పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: లూథరన్ చర్చిలో ఆర్గాన్, గాయక బృందాల కచేరీలు

లూథరన్ చర్చిల్లో ఏటేటా వరుసగా జరిగే సంగీత సభల గురించి గత సంచికలో వేసిన చిన్న పరిచయం చూసి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి పలువురు ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. డిసెంబరులో మమ్మల్ని రమ్మన్నారు. అక్కడి సెయింట్ థామస్ చర్చిలో శనివారం జరిగే 'మొటెట్'కు, మరొక రోజు క్రిస్మస్ ఒరటోరియోకు తీసుకువెళ్తామంటున్నారు. మేము బాప్టిస్టు సంఘస్థులం, జర్మన్ భాష రాదు. ఇవి ఆరాధనలా, కచేరీలా? చప్పట్లు కొట్టవచ్చునా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మొటెట్ ఆరాధనకు దగ్గరిది. వాక్య పఠనం, ప్రార్థన, సభికులు కలిసి పాడే కీర్తన అన్నీ అందులో ఉంటాయి కనుక అక్కడ చప్పట్లు కొట్టకుండా ఉండడమే మర్యాద. క్రీస్తు జనన కథను గాయకులు, వాద్యబృందం కలిసి వినిపించే పెద్ద గాన రచన అయిన క్రిస్మస్ ఒరటోరియోను మాత్రం ఈనాడు కచేరీగానే ఏర్పాటు చేస్తున్నారు. చివర చప్పట్లు కొట్టినా ఎవరూ తప్పు పట్టరు, కానీ మధ్యలో పక్కవారిని చూసి నడుచుకోవడం మేలు.

మీరు వినబోయే బాలుర గాయక బృందం 1212 నాటిది. జర్మన్ సంగీతకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1723 నుంచి 1750లో కన్నుమూసేవరకు ఆ బృందానికి నాయకుడిగా ఉన్నారు, ఆయన సమాధి కూడా 1950 నుంచి ఆ చర్చిలోనే ఉంది. క్రిస్మస్ ఒరటోరియోను ఆయన ఒకే సాయంత్రం వినిపించడానికి కూర్చలేదు. అందులోని ఆరు భాగాలను 1734 డిసెంబరు 25 మొదలుకొని 1735 జనవరి 6 వరకు, పండుగ దినాల్లో ఒక్కొక్కటిగా, ఆరాధనలో భాగంగా పాడించారు. అందుచేత మొత్తాన్ని ఒక్క దెబ్బలో వినాలన్న పట్టుదల వద్దు. మొదటి మూడు భాగాలు విన్నా మీ ప్రయాణం సార్థకమే.

భాష రాకపోవడం మీరనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. మొదటి భాగంలో వచ్చే తొలి సంఘకీర్తనను శ్రద్ధగా వినండి. 'నిన్ను నేనెలా ఎదుర్కొని చేర్చుకోను' అని రాబోయే రక్షకుణ్ణి అడిగే పాట అది; దానికి బాఖ్ వాడిన వరుస, అంటే బాణీ, మాత్రం శుభ శుక్రవారం నాడు ముళ్ల కిరీటాన్ని తలచుకొని పాడే వరుస. అదే వరుస మత్తయి సువార్త ప్రకారం ఆయన కూర్చిన శ్రమల గానంలో (క్రీస్తు బాధలు, మరణం కథను పాడే రచనలో) ఐదుసార్లు వినిపిస్తుంది. అంతేకాదు, 1601లో హాన్స్ లియో హాస్లర్ దానిని మొదట కట్టింది ఒక ప్రేమ గీతానికి! పశువుల తొట్టి దగ్గరే సిలువను గుర్తుచేయాలని బాఖ్ సంకల్పించారో లేదో పండితులు వాదించుకుంటూనే ఉన్నారు గానీ, ఒరటోరియో ఆరవ భాగం ముగింపులో అదే వరుస బాకాల మధ్య విజయోత్సవంగా తిరిగి వచ్చినప్పుడు, వినేవారికి ఆ వాదంతో పని ఉండదు. పాత రాతి కట్టడం కనుక లోపల చలిగా ఉండవచ్చు, కోటు విప్పకండి.

ప్రశ్న: చర్చిలో ఆరాధన లేని వేళ సంగీత సభలు పెట్టే ఆచారం ఎక్కడ మొదలైంది? లూథరన్లకే ఈ ఆసక్తి ఎందుకు?
— ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: లూథరన్లకే అనడం సరికాదు గానీ, వారిలో దీనికి లోతైన వేరు ఉన్న మాట నిజం. 1524లో ఎనిమిది పాటలతో వెలువడిన తొలి లూథరన్ పాటల పుస్తకంలో నాలుగు ఈ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ రాసినవే. పాట సంఘానిది అయిన తరువాత, ఆ వరుసను ముందుగా వాయించి వినిపించవలసిన పని పైప్ ఆర్గాన్ (గాలితో పలికే గొట్టాల వాద్యం) వాయించేవారి మీద పడింది, ఆ చిన్న పనిలోంచే ఒక గొప్ప ఆర్గాన్ సంగీత సంపద పుట్టింది. బాఖ్ 'ఆర్గాన్ చిన్న పుస్తకం'లోని 46 రచనలు సంఘం పాడుకునే వరుసల మీద అల్లినవే.

ఇక ఏటేటా వరుసగా జరిగే సభల విషయానికి వస్తే, ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ రేవు పట్టణంలో, సెయింట్ మేరీ చర్చిలో ఫ్రాంజ్ టుండర్ అనే ఆర్గాన్ వాద్యకారుడు 17వ శతాబ్దంలో సాయంకాల సంగీతాన్ని ప్రారంభించారు. 1668లో ఆయన స్థానంలోకి వచ్చిన డీట్రిష్ బుక్స్టెహూడె దానిని క్రిస్మస్‌కు ముందు ఐదు ఆదివారాల సభలుగా స్థిరపరిచారు. ఖర్చు పట్టణ వర్తకులు పెట్టుకునేవారు, జనానికి ప్రవేశం ఉచితం. 1705లో ఆర్న్‌స్టాట్ ఊరి చర్చిలో ఉద్యోగం చేస్తున్న ఇరవై ఏళ్ల బాఖ్ నాలుగు వారాల సెలవు తీసుకొని, సుమారు 400 కిలోమీటర్లు నడిచి, బుక్స్టెహూడె సంగీతం వినడానికి ల్యూబెక్ చేరి, నాలుగు నెలల దాకా తిరిగి రాలేదు. 1706 ఫిబ్రవరిలో చర్చి పెద్దలు ఆయనను పిలిపించి సంజాయిషీ అడిగారు. సెలవు పొడిగించుకున్న ఉద్యోగిని నిలదీయడం న్యాయమే కదా అని వారి తరఫున కూడా ఒక మాట అనాలి.

ఈ సంప్రదాయం ఖండాలు దాటింది. న్యూయార్క్‌లోని హోలీ ట్రినిటీ లూథరన్ చర్చిలో 1968 నుంచి బాఖ్ కాంటాటాలను (గాయకులు, వాద్యాలు కలిసి వినిపించే చిన్న గాన రచనలను) సాయంకాల ఆరాధనలో భాగంగానే వినిపిస్తున్నారు.

ప్రశ్న: మా సంఘంలో దొరల కాలం నాటి కాలితో తొక్కే ఆర్గాన్ మూలన పడి ఉంది. మీరు రాసిన పైప్ ఆర్గాన్, ఇది ఒకటేనా? బాగు చేయించవచ్చునా?
— సంఘ పెద్ద, గూడూరు

జవాబు: ఒకటి కాదు. 1860ల నుంచి మీ ప్రాంతంలో పనిచేసిన జర్మన్ లూథరన్ హెర్మన్స్‌బర్గ్ మిషనరీలూ, నెల్లూరు, ఒంగోలు వైపు పనిచేసిన అమెరికన్ బాప్టిస్టులూ వేరు వేరు సంఘాల వారే అయినా, తొక్కుడు ఆర్గాన్ మాత్రం ఇరువర్గాల మందిరాలకూ తగినది. అది చవక, మోయడానికి తేలిక. అందులో శబ్దం పుట్టేది ఇత్తడి రీడ్లు గాలికి అదరడం వల్ల. మన చేతి హార్మోనియంలోనూ అంతే. పైప్ ఆర్గాన్‌లో అధిక భాగం గొట్టాలు పిల్లనగ్రోవిలా పనిచేస్తాయి: గాలి గొట్టం అంచుకు తగిలి చీలి, లోపలి గాలి స్తంభాన్ని కంపింపజేస్తుంది. గొట్టం పొడవును బట్టి స్థాయి ఉంటుంది; ఎనిమిది అడుగుల గొట్టాల వరుస మనిషి గొంతు స్థాయిలో పలికితే, పదహారు అడుగులది ఒక స్థాయి కిందుగా, నాలుగు అడుగులది ఒక స్థాయి పైగా పలుకుతుంది. ఈ గొట్టాల వరుసలను 'స్టాప్' అనే పిడుల ద్వారా వాద్యకారుడు కలుపుతూ, విడదీస్తూ ఉంటాడు. పాదాలతో వాయించే మెట్లు వేరే ఉంటాయి. సెయింట్ థామస్ చర్చిలో ఇలాంటివి రెండు ఉన్నాయి, ఒకటి 1889 నాటిది, మరొకటి బాఖ్ సంగీతం కోసమే 2000లో కట్టినది.

మెట్టును గట్టిగా నొక్కినంత మాత్రాన పైప్ ఆర్గాన్ శబ్దం పెరగదు, వేలు తీసేవరకు తగ్గదు. గమకం పలకదు. అందుకే దానిమీద మన కీర్తనలు వాయించబోతే సాధారణంగా రాగం చచ్చిపోతుంది. ఈ మాట కొందరికి నచ్చదని తెలిసినా చెబుతున్నాను.

మీ వాద్యాన్ని తప్పక బాగు చేయించండి. సాధారణంగా పాడయ్యేవి తిత్తుల గుడ్డ, తోలు; ఎలుకలు కొరుకుతాయి, తడికి చివుకుతాయి. మూగబోయిన రీడ్లలో చాలావాటికి దుమ్మే కారణం. రీడ్లకు నూనె పూయనివ్వవద్దు, ఇసుక కాగితంతో రుద్దనివ్వవద్దు. రెండూ శ్రుతిని చెడగొడతాయి. హార్మోనియం మరమ్మతు తెలిసినవారు ఈ పని చేయగలరు.

ప్రశ్న: శ్రమకాలంలో కచేరీలు పెట్టడం తగునా?
— ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: బాఖ్ కాలపు లైప్‌జిగ్‌లో శ్రమకాలంలోనూ (ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో), క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు చివరి మూడు ఆదివారాల్లోనూ వాద్యాలతో కూడిన కాంటాటాలు పాడేవారు కాదు. ఆ మౌనం తరువాత శుభ శుక్రవారం నాడు శ్రమల గానం వినిపించేది. మీ సంఘం ఉపవాస కూటాల మధ్య వేడుక కచేరీ పెట్టకుండా, మట్టలాదివారం తరువాతి వారంలో ఒక శ్రమల గానసభ పెడితే సంప్రదాయానికి విరుద్ధం కాదు.

ప్రశ్న: మా మందిరంలో గాయక బృందం ఉంది, కీబోర్డు ఉంది, ఆర్గాన్ లేదు. వచ్చే ఏడాది ఇలాంటి సభల వరుస మొదలుపెట్టాలని యువజనులు కోరుతున్నారు. ఎలా చేయాలి?
— గాయక బృందం నాయకురాలు, నెల్లూరు

జవాబు: ముందుగా కాలం చూసుకోండి. లూథరన్లకు అక్టోబరు 31 సంస్కరణ దినం ముఖ్యమైనదే గానీ, మన తీరానికి అది వాయుగుండాల కాలం. రేకుల కప్పు మీద వాన పడుతుంటే నాలుగు గొంతుల పాట కాదు కదా, నాలుగు మైకులు పెట్టినా వినపడదు. మొదటి సభను డిసెంబరులో ఆగమన కాలానికి, రెండవది శ్రమల వారానికి, మూడవది పెంతెకొస్తుకు పెట్టుకుంటే మూడు సభలు చాలు. మూడవది ఎండాకాలంలో పడుతుంది కనుక చీకటి పడ్డాక పెట్టండి.

ఒక్కొక్క సభ గంటకు మించనివ్వకండి. సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ నాలుగు గొంతులకూ నేర్పడానికి పాశ్చాత్య వరుసలు నాలుగైదు ఎంచుకోండి. లూథర్ రాసిన 'గట్టి కోట' పాట ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో తెలుగులో ఉంది కనుక దానితో మొదలుపెట్టవచ్చు. ఒక చరణం బృందం నాలుగు గొంతుల్లో, తరువాతి చరణం సభ అంతా ఒకే గొంతుతో, ఇలా మార్చి మార్చి పాడడం లూథరన్ల పాత పద్ధతి. వినడానికి వచ్చినవారిని పాడేవారిగా మార్చడం లూథర్ ఉద్దేశానికి దగ్గరిది కూడా. మిగిలిన సగంలో తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలను వాటి రాగతాళాల్లోనే, వయొలిన్, తబలాలతో, ఒకే గొంతుగా పాడండి. ఆ కీర్తనలకు నాలుగు గొంతులు అతికించవద్దని నా గట్టి సలహా.

కీబోర్డులో 'చర్చ్ ఆర్గాన్' శబ్దం పెట్టి స్పీకర్లు పెంచితే పైప్ ఆర్గాన్ అయిపోదు. మోత తగ్గించి, గాయకులకు శ్రుతి అందేటంత వాయించడమే దానికి అందం. కరెంటు పోతే ఆగిపోకుండా, కనీసం రెండు పాటలు ఏ వాద్యమూ లేకుండా సాధన చేసి ఉంచుకోండి.

ప్రశ్న: ఇలాంటి సభలకు టిక్కెట్టు పెట్టవచ్చునా?
— ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: పెద్ద వాద్యబృందాన్ని రప్పించి జీతాలు ఇవ్వవలసిన చోట పెడుతున్నారు. స్థానిక బృందంతో జరిగే సభకు అవసరం లేదు. ల్యూబెక్‌లో చేసినట్టు ఊరిలో ఇద్దరు ముగ్గురు వర్తకులను ఖర్చుకు ఒప్పించి, ద్వారం దగ్గర చందా పెట్టె ఒకటి ఉంచితే సరిపోతుంది.