గింజ దాణా తినే గొర్రె పిల్లలకు ప్రోబయోటిక్ పనిచేస్తుందా?

మొక్కజొన్న ఎక్కువగా ఉన్న దాణాతో పిల్లల్ని మేపుతున్నప్పుడు ప్రోబయోటిక్ (పొట్టకి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల పొడి) కలిపితే పారుడు తగ్గుతుందా, బరువు పెరుగుతుందా అని అడిగారు. నేను చూసినంతలో పారుడుకి కొంత పనికొచ్చింది. బరువు మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి.

మొదటిసారి నేను చేసిన పని చెప్తాను. ప్రోబయోటిక్‌గా ఈస్ట్ పొడి కలుపుతున్నాం కదా, ఇంకేం భయం అన్న ధీమాతో గడ్డి మేసే పిల్లల్ని 5 రోజుల్లోనే గింజల మీదికి మార్చేశాను. ఆరో రోజు పొద్దున చూస్తే తొట్టిలో దాణా అలాగే ఉంది. కొన్ని పిల్లలు నెమరు వేయకుండా ఓ మూల నిలబడిపోయాయి. పెంటికలు పడాల్సింది పోయి, పుల్లటి వాసనతో బూడిద రంగు జావలా పడుతోంది. డాక్టరుగారు వచ్చి చూసి, తప్పు పొడిది కాదు, నీ తొందరది అన్నారు.

గింజల్లోని పిండి పెద్దపొట్టలో (మేత ముందుగా చేరి పులిసే పొట్ట భాగం) చాలా త్వరగా పులుస్తుంది. లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టించే బ్యాక్టీరియా గంటల్లో పెరిగిపోతుంది. ఆ ఆమ్లాన్ని తినేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి మాత్రం రెండు మూడు వారాలు కావాలి. ఈలోగా పొట్టలో పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు) 5.5 కంటే కిందికి పడిపోతే నేను చూసిందే జరుగుతుంది. బతికున్న ఈస్ట్ పొట్టలోకి చేరే కాస్త ఆక్సిజన్‌ను వాడేసుకుని, ఆ రెండో రకం బ్యాక్టీరియాకి చేయూతనిస్తుంది. అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు.

తర్వాతి బ్యాచ్‌కి గింజలు పెంచడానికి 3 వారాలు తీసుకున్నాను. పిల్లల్ని రెండు దొడ్లలో పెట్టి, ఒక దొడ్డికే ఈస్ట్ ఇచ్చాను. ఆ దొడ్లో మేత రోజూ ఒకేలా తిన్నాయి, పారుడు కూడా తక్కువే. అమ్మేనాటికి తూకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. (రెండో దొడ్డికి నీడ తక్కువ, కాబట్టి నా లెక్కని మరీ నమ్మేయకండి.) ఇప్పుడు పాలు మాన్పించినప్పుడు, దూరం నుంచి తెచ్చినప్పుడు, మేత మార్చే ఆ మొదటి వారాల్లో మాత్రమే వాడుతున్నాను.

ఒకసారి వేడి నీళ్లలో నానబెట్టిన దాణాలో కలిపేశాను, డబ్బులు దండగ. వేడికి ఈస్ట్ చచ్చిపోతుంది. బ్యాక్టీరియా రకం ప్రోబయోటిక్ అయితే యాంటీబయాటిక్‌తో పాటు ఇవ్వకండి, అదీ చచ్చిపోతుంది. ప్యాకెట్ మీద ఏ సూక్ష్మజీవి, గ్రాముకి ఎన్ని, గడువు ఎప్పటిదాకా అని రాసి లేకపోతే నేనైతే కొనను.

గింజల్ని మెత్తగా పిండి చేయకండి. గొర్రె పిల్లలు గింజని నమిలి తినగలవు, పులవడమూ నెమ్మదిస్తుంది. ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గింజలు పెంచే ముందే చిటుకు రోగానికి (పేగుల్లో బ్యాక్టీరియా విషం పుట్టి పిల్లలు హఠాత్తుగా చనిపోయే జబ్బు) టీకా, దాని బూస్టర్ పూర్తి చేయించండి. బలంగా మేపుతున్న మందలో బాగా తిన్న పిల్లే ముందు పోతుంది, ఆ రోగానికి ప్రోబయోటిక్ అడ్డుపడదు.

మీ పిల్లలు ఎన్ని రోజుల్లో గింజలకి మారాయో మీరు రాయలేదు. ఇప్పటికే మేత మానేసి నిలబడిపోతుంటే పొడి కోసం తిరగకుండా ఈ పూటే గింజలు ఆపి, ఎండుగడ్డి వేసి డాక్టరుని పిలవండి.