అకార్డియన్ క్లబ్ సాయంత్రాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

అకార్డియన్ క్లబ్బుల గురించి, వాళ్ళు నెలకోసారి పెట్టుకునే సాయంత్రాల గురించి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఎక్కువమందికి పనికొస్తాయి అనిపించినవి తీసుకున్నాం, ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: నేను అకార్డియన్ మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదండీ. నాది చిన్నది, 48 బేస్, అంటే ఎడమచేతివైపు 48 బటన్లున్నది. మూడు ట్యూన్లు వచ్చు, అవి కూడా ఇంట్లో ఎవరూ లేనప్పుడే బాగా వస్తాయి. మా దగ్గర క్లబ్ వాళ్ళు సాయంత్రం కలుస్తున్నాం రమ్మన్నారు. వెళ్తే నవ్వుతారేమో. ఇంకో ఏడాది ప్రాక్టీస్ చేసి వెళ్తే నయమా?

జవాబు: ఏడాది ఆగకండి, ఈ నెలే వెళ్ళండి. ఎందుకంటే ఇంట్లో ఒక్కరే వాయించుకునేటప్పుడు తప్పు పడగానే ఆగిపోతాం, వెనక్కెళ్ళి మళ్ళీ అందుకుంటాం, చేతికి అదే అలవాటైపోతుంది, రెండేళ్ళు ప్రాక్టీస్ చేసినా ఆ అలవాటు ఇంట్లో పోదు. పదిమంది మధ్య కూర్చుంటే పాట మీకోసం ఆగదు కదా, అది వెళ్ళిపోతూనే ఉంటుంది, మీరు కొంచెం వదిలేసి ముందెక్కడో పట్టుకుంటారు, ఆ పట్టుకోవడం ఒక్కటి వచ్చిందంటే సగం భయం పోయినట్టే. నవ్వడం అంటారా, అక్కడ కూర్చున్నవాళ్ళలో ట్యూన్ మధ్యలో బెలోస్‌లో, అంటే లాగి నొక్కే గాలితిత్తిలో, గాలి అయిపోయి ఇరుక్కుపోని మనిషి ఉండరు.

సాయంత్రం ఎలా నడుస్తుందో తెలిస్తే ధైర్యం వస్తుంది కాబట్టి చెప్తున్నా. చాలా క్లబ్బుల్లో మొదటి సగం మెంబర్లది, ఒకరి తర్వాత ఒకరు వచ్చి రెండు మూడు ట్యూన్లు వాయించి కూర్చుంటారు, తర్వాత బ్రేక్, ఆ తర్వాత బయట నుంచి పిలిచిన ఆర్టిస్టు ఉంటే వాళ్ళు, లేకపోతే అందరూ కలిసి వాయించడం. స్కాట్లాండ్‌లో అకార్డియన్ అండ్ ఫిడిల్ క్లబ్బులని ఉన్నాయి, వాళ్ళ పద్ధతి ఇంచుమించు ఇదే, ముందు లోకల్ వాళ్ళు, తర్వాత గెస్ట్ బ్యాండ్. మొదటిసారి మీరు స్టేజి ఎక్కక్కర్లేదు, పెట్టె పట్టుకెళ్ళి వెనక వరసలో కూర్చుని, అందరూ కలిసి వాయించేటప్పుడు కుడిచేత్తో మీకొచ్చిన స్వరాలు మాత్రం వెయ్యండి. కలిసి వాయించే ట్యూన్ల లిస్టు ముందే అడిగి తెచ్చుకుంటే ఇంకా మంచిది. తర్వాతి నెల ఒక్క ట్యూన్, మీకొచ్చిన మూడింట్లో అన్నిటికంటే నెమ్మదిది, ఇంట్లో వాయించేదానికంటే కూడా కొంచెం నెమ్మదిగా మొదలుపెట్టండి, జనం ముందు చెయ్యి దానంతటదే స్పీడ్ అందుకుంటుంది. మధ్యలో తడబడితే ఎడమచెయ్యి వదిలెయ్యండి, కుడిచెయ్యి, బెలోస్ మాత్రం ఆపకండి.

48 బేస్ అని చిన్నబోకండి. ఎడమవైపు బటన్ల అమరికలో C కి పైన G, కింద F, అంటే ఒక మామూలు ట్యూన్‌కి కావలసిన మూడు కార్డులు (ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపులు) పక్కపక్కనే ఉంటాయి, వేరే శ్రుతికి వెళ్ళినా వేళ్ళ కదలిక మారదు. C బటన్ మీద చిన్న గుంటో రాయో పెట్టి ఉంటుంది, చూడకుండా వేలికి తగలడానికే అది. క్లబ్‌లో ఎక్కువగా వాయించే శ్రుతులకి మీ పెట్టె నిక్షేపంగా సరిపోతుంది.

ప్రశ్న: మా క్లబ్ నడిపేవాళ్ళలో నేనొకణ్ణి. చివర్లో పదిహేను ఇరవై మందిమి కలిసి వాయిస్తాం. మాకేమో చాలా ఆనందంగా ఉంటుంది కానీ వినేవాళ్ళు ఏ ట్యూనో తెలీట్లేదు అంటున్నారు. అందరూ కరెక్టుగానే వాయిస్తున్నారు, మరి ఎందుకలా?

జవాబు: కరెక్టుగా వాయిస్తున్నా ఇలాగే అవుతుంది, తప్పు మనుషుల్లో లేదు. అకార్డియన్ ఒక్కటే ఒక బ్యాండ్ అంత పని చేస్తుంది, కుడిచేత్తో పాట, ఎడమచేత్తో బేస్, కార్డులు, తాళం అన్నీ. ఒక్కరే వాయించడానికి అది వరం, ఇరవైమంది కలిస్తే అదే చిక్కు. పెద్ద పెట్టెల్లో ఒక్క బేస్ బటన్ నొక్కితే నాలుగైదు రీడ్లు, అంటే గాలికి కదిలి పలికే సన్నటి లోహపు నాలికలు, వేరు వేరు స్థాయిల్లో ఒకేసారి పలుకుతాయి, కార్డు బటన్ నొక్కితే మూడు స్వరాలు, ఒక్కో స్వరానికి మళ్ళీ ఒకటికి మించి రీడ్లు. ఇరవైమంది ఎడమచేతులు వెంట్రుకవాసి తేడాతో ఇవన్నీ నొక్కితే కింద నుంచి ఒకటే హోరు లేస్తుంది, పాట అందులో మునిగిపోతుంది. అందుకే అకార్డియన్ ఆర్కెస్ట్రాల్లో మామూలుగా ఎవరూ ఎడమచెయ్యి వాడరు, అందరూ కుడిచేత్తోనే పార్టులు పంచుకుని వాయిస్తారు, కింది స్వరాలకి బేస్ అకార్డియన్ అని వేరే వాయిద్యమే పెట్టుకుంటారు. మీరు ఆర్కెస్ట్రా అవ్వాలని కాదు నేననేది, ఎడమచెయ్యి వాయించే పని ఇద్దరికి అప్పజెప్పండి, లయ కదలకుండా పట్టేవాళ్ళని చూసి. వాళ్ళని మధ్యలో కూర్చోబెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే చాలా తేడా తెలుస్తుంది.

తర్వాత స్విచ్చులు, అంటే ఏ రీడ్లు పలకాలో ఎంచుకునేవి. మ్యూజెట్ లాంటి వాటిల్లో ఒకే స్వరానికి రెండు రీడ్లు కావాలనే కాస్త తేడాగా ట్యూన్ చేసి ఉంటాయి, ఆ తేడా వల్లే ఆ వణుకు, ఆ మెరుపు వస్తుంది. అయితే ఒక్కో పెట్టెలో ఆ తేడా ఒక్కో రకం. ఇరవై రకాల వణుకులు కలిస్తే స్వరం ఎక్కడుందో చెవికి దొరకదు. కాబట్టి ఎక్కువమంది క్లారినెట్ స్విచ్ వేసుకోవాలి, అంటే ఒక్క రీడే పలికేది, కొందరు బసూన్ వేసుకుని ఒక స్థాయి కిందగా వాయించొచ్చు, రీడ్లన్నీ పలికించే మాస్టర్ స్విచ్ ఆఖరి రౌండుకి దాచుకోండి, అప్పుడు అందరూ ఒక్కసారి వేస్తే హాలు నిండిపోతుంది, మొదటి నుంచీ అదే వేసి కూర్చుంటే ఆఖర్న ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఇంకో సంగతి, ఇది పియానో నుంచి వచ్చినవాళ్ళకి మరీ ముఖ్యం. మెట్టు గట్టిగా నొక్కితే సౌండ్ పెరగదు, సౌండ్ అంతా బెలోస్‌ది. చాలామంది మెట్ల మీద శ్రద్ధ పెట్టి బెలోస్‌ని ఒకే బలంతో లాగేస్తూ ఉంటారు, దాంతో ప్రతివాళ్ళూ మొదటి నుంచి చివరి దాకా ఫుల్ వాల్యూమే. నా సలహా ఏంటంటే ప్రతి ట్యూన్‌నీ ఒక రౌండు పక్కవాళ్ళ పెట్టె వినపడేంత మెల్లగా వాయించమని చెప్పండి, వినపడకపోతే ఇంకా తగ్గించమనండి. వరసగా కాకుండా అర్ధచంద్రంలా కూర్చుంటే ఒకళ్ళ చేతులు ఒకళ్ళకి కనపడతాయి. ట్యూన్ ఎన్నిసార్లు తిప్పాలో, ఏ శ్రుతో మొదలుపెట్టే ముందే గట్టిగా చెప్పెయ్యండి.

ప్రశ్న: మా సాయంత్రాలకి ఒక వయొలిన్ ఆయన, ఒక గిటార్ అమ్మాయి వస్తారు. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని పక్కాగా శ్రుతి చేసుకుంటారు, అయినా మాతో కలవదు. మెలోడియన్ (మెట్ల బదులు బటన్లుండే చిన్న అకార్డియన్) వాయించే పెద్దాయన ఇంకొకరున్నారు, సగం ట్యూన్లకి ఊరికే కూర్చుంటారు పాపం.

జవాబు: ఫోన్‌తో కాదు, మీ పెట్టెతో శ్రుతి చేసుకోమనండి. అకార్డియన్ శ్రుతి రీడ్లలోనే ఉంటుంది, మార్చాలంటే పెట్టె విప్పి ఒక్కో రీడ్‌నీ గీకాలి, కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది, అలాంటివి లోపల వందల్లో ఉంటాయి. తీగ వాయిద్యానికి క్షణం పని. అన్ని పెట్టెలూ A స్వరం 440 కే (సెకనుకి అన్ని కంపనలు) చేసినవి కావు, 442 వీ ఉంటాయి, పాతవి కాలంతో పాటు జరుగుతాయి కూడా. మీలో ఒకరు ఒక్క రీడ్ స్విచ్ మీద A పట్టుకుని ఉండండి, మ్యూజెట్ మీద మాత్రం వద్దు, ఆ వణుకులో ఎక్కడ ఆగాలో వాళ్ళకి అర్థం కాదు.

పెద్దాయన విషయం నాకు నిజంగా మనసుకి పట్టింది. ఆయనది రెండు వరసల డి జి మెలోడియన్ అయ్యుంటుంది, అందులో ఒకే బటన్ బెలోస్ లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకో స్వరం, డి లోనూ జి లోనూ హాయిగా పోతుంది, మిగతా శ్రుతులకి స్వరాలే ఉండవు. పియానో అకార్డియన్ వాళ్ళు ఏ శ్రుతికైనా మారగలరు, ఆయన మారలేరు. మారగలిగినవాళ్ళే మారాలి కదండీ. లిస్టులో కనీసం సగం ట్యూన్లు ఆ రెండు శ్రుతుల్లో పెట్టండి.

ప్రశ్న: మా ఆయన వాయిస్తారు, నాకు రాదు. నేర్చుకోవాలని కూడా లేదు. ప్రతి నెలా ఆయనతో వెళ్ళి ఒక మూల కూర్చుంటాను. నాలాంటి వాళ్ళు ఇంకో ఐదారుగురున్నారు. మేం ఎందుకు వెళ్ళాలి?

జవాబు: మీరు లేకపోతే అది రిహార్సల్ అమ్మా, సాయంత్రం కాదు. అయితే మిమ్మల్ని మూల కూర్చోబెట్టడం మాత్రం క్లబ్ వాళ్ళ పొరపాటే, కుర్చీలు కలిపి వెయ్యాలి, వాయించేవాళ్ళొక గుంపు వినేవాళ్ళొక గుంపు కాకుండా. కాస్త ఖాళీ జాగా ఉంటే ఒక వాల్ట్‌జ్‌కో పోల్కాకో లేచి డాన్స్ చెయ్యండి, అడుగు వేసేవాళ్ళు ఎదురుగా ఉంటే వాయించేవాళ్ళ లయ దానంతటదే కుదురుతుంది, ఎంత చెప్పినా తగ్గని స్పీడ్ మీ కాళ్ళు చూసి తగ్గుతుంది. పాడగలిగితే పాడండి. బ్రేక్ మాత్రం కుదించనివ్వకండి, కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ నెల వస్తారా రారా అన్నది చాలాసార్లు ఆ బ్రేక్‌లో వాళ్ళతో ఎవరైనా మాట్లాడారా లేదా అన్నదాని మీదే ఉంటుంది.

ప్రశ్న: ఎప్పుడూ అవే పోల్కాలు, అవే వాల్ట్‌జులు. మా పిల్లలు రామంటున్నారు.

జవాబు: పిల్లలది న్యాయమే. నెలకో చోటు సంగీతం పెట్టుకోండి. ఒక నెల లుయీజ్ గొంజాగా వాయించిన ఈశాన్య బ్రెజిల్ సంగీతం, ఒక నెల క్లిఫ్టన్ షెనియే వాయించిన జైడెకో, అంటే అమెరికాలోని లూసియానా డాన్స్ సంగీతం, ఒక నెల అర్జెంటీనా పియాజొల్లా టాంగో, ఆయన వాయించింది బ్యాండోనియన్ అనుకోండి, అదీ ఈ కుటుంబమే. చైకోవ్‌స్కీ 1883లో రాసిన రెండో ఆర్కెస్ట్రా సూట్‌లో నాలుగు అకార్డియన్లు పెట్టాడు, సోఫియా గుబైదులినా 1978లో బయాన్ (రష్యా బటన్ అకార్డియన్) ఒక్కదానికే రాసిన రచన వింటే ఈ పెట్టె ఇలా కూడా ఊపిరి తీస్తుందా అనిపిస్తుంది. అన్నీ వాయించక్కర్లేదు, ఒకటి వినిపించి దాని మీద కాసేపు మాట్లాడుకుని ఒక చిన్న ట్యూన్ నేర్చుకున్నా చాలు. పిల్లలకి లిస్టు ఎంచుకునే పని ఇవ్వండి, వస్తారు.

ప్రశ్న: మా క్లబ్‌లో ఒక సీనియర్ గారు మైక్ ముందు కూర్చుంటే అరగంట లేవరు. బాగా వాయిస్తారు, అందుకే ఎవరూ ఏమీ అనలేకపోతున్నాం.

జవాబు: ఒక్కరిని పట్టుకుని చెప్పకండి, రూల్ పెట్టండి, మనిషికి రెండు ట్యూన్లు, పేర్లు వచ్చిన వరసలో. ఆయన్ని ఒక నెల గెస్ట్ ఆర్టిస్టుగా పిలిచి రెండో సగం మొత్తం ఇచ్చెయ్యండి, ఆయనకి గౌరవం, కొత్తవాళ్ళకి మిగతా నెలలు.

ప్రశ్న: డెబ్భై దగ్గర పడుతున్నాను. 120 బేస్ మోస్తూ క్లబ్‌కి వెళ్ళొస్తే రెండ్రోజులు నడుం పట్టేస్తోంది. మానెయ్యమంటున్నారు ఇంట్లో.

జవాబు: మానొద్దు, పెట్టె మార్చండి. 41 మెట్లు, 120 బటన్లు ఉన్న ఫుల్ సైజు పెట్టె పది కిలోల అటూ ఇటూ ఉంటుంది, 60 బేస్‌దో 72 బేస్‌దో చాలా తేలిక. పైన చెప్పినట్టు కలిసి వాయించేటప్పుడు ఎడమచెయ్యి ఎలాగూ అక్కర్లేదు. చేతులు లేని కుర్చీ అడగండి, ముందు కూర్చుని అప్పుడు పెట్టె ఒళ్ళోకి తీసుకోండి, బరువు తొడల మీద ఉండాలి భుజాల మీద కాదు. ఎడమ పట్టీ కుడిదానికంటే కాస్త పొట్టిగా పెట్టుకుని, వీపు దగ్గర రెండిటినీ కలిపే అడ్డపట్టీ వేసుకుంటే జారదు. మొయ్యడానికి కుర్రాళ్ళని పిలవండి, సంతోషంగా వస్తారు. నొప్పి తగ్గకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించుకోవాలి.

ప్రశ్న: క్లబ్ తరఫున ఏడాదికోసారి కొంచెం పెద్దగా సాయంత్రం చేద్దామంటున్నారు. ఏ రోజు బాగుంటుంది?

జవాబు: మే 6. ప్రపంచ అకార్డియన్ దినోత్సవం అదే. వియన్నాలో సిరిల్ డెమియన్ 1829లో అకార్డియన్‌ని పేటెంట్‌కి పెట్టింది ఆ రోజునే, 1935లో మొదలైన అంతర్జాతీయ అకార్డియన్ సమాఖ్య దాన్ని పండగలా జరిపిస్తోంది. ఆ సాయంత్రం తలుపులు తీసి పెట్టండి, మెంబర్లు కానివాళ్ళకి పెట్టె ఒళ్ళో పెట్టి ఒక్క మెట్టు నొక్కి బెలోస్ లాగనివ్వండి.

ప్రశ్న: తాతగారి అకార్డియన్ అటక మీద దొరికింది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదు. అలాగే క్లబ్‌కి పట్టుకెళ్ళిపోనా?

జవాబు: పట్టుకెళ్ళండి, కానీ వాయించి చూద్దామని ముందే లాగెయ్యకండి. బెలోస్ పట్టీలు బిగించే ఉంచి నిలువుగా, వాయించేటప్పుడు ఎలా ఉంటుందో అలా నిలబెట్టి తీసుకెళ్ళండి, పడుకోబెడితే లోపల రీడ్ల మీద ఉండే తోలు ముక్కలు వేలాడిపోయి వంగుతాయి. రీడ్లని అతికించేది చాలా పెట్టెల్లో తేనెమైనం, రెజిన్ కలిపిన మైనమే, ఎండలో ఆపిన కార్లో వదిలేస్తే కరిగి రీడ్లు ఊడి పడతాయి, చల్లటి చోట ఏళ్ళు గడిస్తే పెళుసుబారుతుంది. తుప్పు కనపడిందని నూనె అస్సలు వెయ్యొద్దు. క్లబ్‌లో అనుభవం ఉన్నవాళ్ళు గాలి బటన్ (స్వరం పలకకుండా గాలి మాత్రం పోనిచ్చేది) నొక్కి బెలోస్ మెల్లగా తెరిచి చూస్తారు, మెట్టు నొక్కకుండా గానీ గాలి బటన్ నొక్కకుండా గానీ బలవంతంగా లాగితే గాలి సందుల్లోంచి తోసుకొచ్చి అతుకులు పోతాయి. లోపల బూజు వాసన గట్టిగా వస్తుంటే అక్కడితో ఆపి రిపేరు చేసేవాళ్ళకే ఇవ్వండి, ఎంతవుతుందో ముందే రాయించుకుని, విప్పిన తర్వాత ఒకసారి మీరే వెళ్ళి రీడ్లు కళ్ళారా చూసి, అప్పుడు పని మొదలుపెట్టమనండి.