ముందు లింటెల్, తర్వాతే గోడ కోత

ప్రశ్న: పెరట్లో ఇంటికి విడిగా కారు షెడ్డు ఉంది. 9 అంగుళాల ఇటుక గోడలు, పైన రేకులు, ముందు రోలింగ్ షట్టర్. పార కావాలన్నా, స్కూటరు తీయాలన్నా షట్టర్ మొత్తం ఎత్తాల్సి వస్తోంది. పక్క గోడకు చిన్న తలుపు పెట్టించాలని ఉంది. మేస్త్రి ఒక్కపూటలో గోడ కొట్టి గుమ్మం నిలబెట్టేస్తానంటున్నాడు. సరేననమంటారా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: అనకండి. గోడ కొట్టడానికి ఒక్కపూట చాలు, నిజమే. కానీ పైనున్న ఇటుకల బరువు మోయడానికి అక్కడ లింటెల్ ఉండాలి, అంటే ద్వారం పైన గోడలో అడ్డంగా కూర్చునే కాంక్రీటు దిమ్మె. అది లేకుండా కొడితే ఆ బరువంతా గుమ్మం పైకమ్మీ మీదకు దిగుతుంది. కొన్నాళ్ళకు కమ్మీ వంగి, తలుపు పట్టేసి, గుమ్మం మూలల నుంచి మెట్లు మెట్లుగా పగుళ్ళు పైకి పాకుతాయి.

ముందు గోడ ఏ అడుసుతో కట్టారో చూడండి. ఒకచోట పూత గీకి, సందులో మేకు గుచ్చండి. పొడిగా రాలిపోతే అది మట్టి అడుసు గోడ. దాన్ని కోయవద్దు, ఇంజనీరుకు చూపించండి. సిమెంటు గోడైతే కింద చెప్పినట్టు చేయించవచ్చు.

చోటు విషయంలో మూడు చూసుకోండి. గోడ మూల నుంచి కనీసం 2 అడుగులు వదలాలి. రేకుల కింది దూలంగానీ పైపుగానీ ఆనిన చోటుకు సరిగ్గా కింద తలుపు రాకూడదు. వైరు పైపు ఎటు పోతోందో తెలుసుకుని, కోసే రోజు మెయిన్ ఆపేయాలి. వాస్తు చూపించుకుంటే చూపించుకోండి గానీ ఈ మూడింటికీ లోబడే.

గుమ్మం బయటి కొలత 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు అనుకుందాం. గోడలో 3 అడుగుల 1 అంగుళం ఖాళీ కావాలి. లింటెల్ రెండు వైపులా 6 అంగుళాలకు పైగా గోడ మీద కూర్చోవాలి గనుక పొడవు 4 అడుగుల 2 అంగుళాలు. దాన్ని ఒకే ముక్కగా పోస్తే సుమారు 110 కిలోలు తూగుతుంది. అందుకే గోడ మందంలో సగానికి ఒకటి చొప్పున రెండు పోయించండి. ఒక్కోటి నాలుగున్నర అంగుళాలకు కాస్త తక్కువ వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. ఒక్కోదానిలో కింద 10 మి.మీ. చువ్వలు 2, పైన 8 మి.మీ.వి 2, 6 అంగుళాలకొక 6 మి.మీ. రింగు. రెండింటికీ కలిపి ఇనుము 7 కిలోలు, సిమెంటు ఒక బస్తా చాలు, అతుకుల పూతకు కూడా మిగులుతుంది. కాంక్రీటు 1:2:4 పాళ్ళు (సిమెంటు, ఇసుక, కంకర). తడి గోనె కప్పి 14 రోజులు ఉంచండి. పోసిన రోజే పైవైపున రంగుతో గుర్తు పెట్టండి. లావు చువ్వలు కిందికి ఉండాలి, తలకిందులుగా ఎక్కిస్తే లింటెల్ చిట్లుతుంది.

ఇక కోత. ముందు లోపలి వైపు నుంచి గోడ మందంలో సగం మాత్రమే, లింటెల్ పట్టేంత గాడి తీయాలి. ఎత్తు ఇంకో అంగుళం ఎక్కువ ఉండాలి. సమ్మెట వద్దు, కటింగ్ మిషన్‌తో గీసి చిన్న ఉలితో తీయించండి. అడ్డంగా పెట్టిన ఇటుకలు గోడ మందంలో లోపలి వైపు నుంచి బయటి వైపు దాకా ఉంటాయి, వాటిని బ్లేడుతో సగానికి కోయాలే తప్ప లాగకూడదు. లింటెల్ ఎక్కించాక పైనున్న సందులో నల్లరాతి చిప్పలు బిగించి, 1:3 (సిమెంటు, ఇసుక) మాలు కూరాలి. మాలు గుప్పిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. పని చెడేది ఎక్కువగా ఇక్కడే: పైపైన పూసి లోపల బోలుగా వదిలేస్తారు. తర్వాత గోడ ఆ బోలులోకి దిగి పగులుతుంది. 3 రోజులు ఆగి బయటివైపు రెండో లింటెల్ ఇలాగే. మరో 3 రోజులయ్యాకే ద్వారం తెరవాలి, ఇటుకలు పై వరుస నుంచి కిందికి తీస్తూ. కింద ప్లింత్ బీమ్ (పునాది మీద గోడ కింద ఉండే కాంక్రీటు దూలం) ఉంటే ముట్టుకోవద్దు, దాని మీదే గడప వస్తుంది.

గుమ్మానికి గోడవైపు తారు పూస్తే చెదలు తొందరగా పట్టవు. నిలబెట్టాక ఈ మూల నుంచి ఆ మూలకు రెండు వైపులా టేపు పట్టండి, కొలతలు సమానంగా రావాలి. ఒక్కో పక్కకు 3 చొప్పున 6 హోల్డ్‌ఫాస్ట్‌లు (గుమ్మాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) కాంక్రీటులో బిగించాలి. గుమ్మానికీ లింటెల్‌కీ మధ్య పావు అంగుళం సందు వదలాలి. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెడితే వానల బెడద ఉండదు.

ప్రశ్న: మాకూ అలాంటి షెడ్డే. ఇనుప తలుపు పెట్టాం, రెండేళ్ళకే అడుగున తుప్పు తినేసింది. ఈసారి ఏది పెట్టాలి? రెక్క లోపలికి తెరుచుకోవాలా, బయటికా?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: ఉప్పుగాలి తగిలే ఊళ్ళో మామూలు ఇనుము అంతే. జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుము) పైపు ఫ్రేము, జి.ఐ. రేకు పెట్టించండి. కానీ వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. ప్రతి అతుకునూ బ్రష్‌తో గీకించి జింక్ పెయింటు వేయించాలి. అడుగు పైపులో నీరు నిలవకుండా రెండు చిన్న రంధ్రాలు, నేలకు అర అంగుళం ఎడం, స్టెయిన్‌లెస్ బందులు 3.

రెక్క బయటికే. లోపలికైతే కారుకు తగులుతుంది. పైగా బయటికి తెరుచుకునే రెక్కను ఎదురుగాలి గుమ్మానికే అదిమిపెడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, ఆ గాలి మీకు చెప్పక్కర్లేదు. తలుపు ఊడితే గాలి లోపలికి దూరి రేకులను కిందినుంచి ఎత్తేస్తుంది. ఒక్క గొళ్ళెం చాలదు, లోపలివైపు పైనా కిందా టవర్ బోల్టులు పెట్టించండి. బందుల పిన్నులు బయటికి ఉంటాయి గనుక దొంగలు ఊడదీయకుండా వాటి చివర్లు బిగగొట్టించండి.