ఆటల్లోని హింసకు హద్దు ఎవరు గీస్తారు? పాఠకుల టెక్ సందేహాలు

సెలవులు దగ్గర పడుతున్నందువల్ల కాబోలు, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆటల గురించే ఉన్నాయి. అడిగినవారిలో తల్లిదండ్రులూ ఉన్నారు, ఆడేవారూ ఉన్నారు. అందరికీ పనికొచ్చే ఐదింటిని ఎంచుకుని జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్‌లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం పెట్టుకుని, పోయిన వారం ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5’ కొన్నాడు. దారిన పోయేవారిని కాల్చడం, కార్లు ఎత్తుకుపోవడం చూసి మాకు భయం వేసింది. ఇలాంటివి పిల్లలకు అమ్మకూడదని మన దేశంలో చట్టం లేదా? వాడిని ఆపే మార్గం ఏమైనా ఉందా? (వరంగల్ నుంచి ఒక తండ్రి)

జవాబు: లేదండీ. వీడియో గేముల్లోని హింసను బట్టి వయసు నిర్ణయించి, ఆ వయసు లోపువారికి అమ్మితే శిక్ష వేసే చట్టం భారతదేశంలో లేదు. సినిమాకు సెన్సార్ బోర్డు ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి ‘యూఏ’ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టారు కూడా. ఓటీటీలకు 2021 ఐటీ నిబంధనలు అలాంటి మెట్లనే పెట్టాయి. పిల్లల చేతిలో పడే హింసాత్మక రాతల మీద 1956లోనే కేంద్రం ఒక చట్టం తెచ్చింది గానీ, అది పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలను దృష్టిలో పెట్టుకుని రాసినది. సినిమా కంటే ఎక్కువ గంటలు పిల్లల కళ్ల ముందు ఉండే ఆట మాత్రం వీటన్నిటి మధ్యా ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. ఇది పెద్ద లోటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీ అబ్బాయి కొన్న ఆటకు యూరప్‌లోని పెగీ సంస్థ 18 అని, అమెరికాలోని ఈఎస్ఆర్‌బీ ‘ఎం’ అని, అంటే 17 ఏళ్లు నిండినవారికని ముద్ర వేశాయి. ఆ ముద్రలకు మన దగ్గర చట్టబలం లేదు. స్టీమ్ పుట్టిన తేదీ అడుగుతుంది. ఏ తేదీ కొట్టినా నమ్ముతుంది.

ఇక చేయగలిగినది చెబుతాను. కొని 14 రోజులు దాటకపోతే, ఆడిన సమయం 2 గంటల లోపే ఉంటే, స్టీమ్ సహాయ పేజీలో రీఫండ్ అడగవచ్చు. ఆ గడువు దాటిపోయి ఉంటే స్టీమ్ ఫ్యామిలీస్ అనే సదుపాయాన్ని వాడండి. ముందు మీ పేరు మీద ఒక స్టీమ్ ఖాతా తెరవండి, అందులో కుటుంబాన్ని సృష్టించండి, అబ్బాయి ఖాతాను ‘చైల్డ్’ హోదాలో చేర్చండి. అప్పటి నుంచి ఏ ఆటలు తెరవాలో, రోజుకు ఎన్ని గంటలు ఆడాలో మీరు నిర్ణయిస్తారు. వాడు ఏదైనా కొనాలనుకుంటే ఆ అభ్యర్థన మీకు వస్తుంది. ఇలా చేర్చిన పిల్లల ఖాతా తనంతట తాను కుటుంబం నుంచి బయటకు పోలేదు. వీటితో పాటు ల్యాప్‌టాప్‌లో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకుని, వాడికి మామూలు యూజర్ ఖాతా ఇవ్వండి.

మీ ఉత్తరంలో నేరుగా అడగకపోయినా, ఈ ఆటలు ఆడితే అబ్బాయి నేరస్థుడవుతాడేమో అన్న దిగులు కనిపిస్తోంది. అంత దూరం ఆలోచించి భయపడనక్కర్లేదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చేసిన తీర్మానం ప్రకారం, హింసాత్మక ఆటలకూ అరవడం, నెట్టడం లాంటి దూకుడు ప్రవర్తనకూ చిన్నపాటి సంబంధం కనిపిస్తున్నది గానీ, హత్యలూ కాల్పుల వంటి హింసకు ఆటలే కారణమని చెప్పడానికి తగిన ఆధారం లేదు. బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల పిల్లల మీద ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆ దూకుడు సంబంధం కూడా తేలలేదు.

అలాగని ఈ ఆట పద్నాలుగేళ్ల పిల్లవాడికి తగినదని నేను అనను. కథ మధ్యలో ఒక ఘట్టం వస్తుంది. కుర్చీకి కట్టేసిన మనిషి ఎదురుగా బల్ల మీద పనిముట్లు పరిచి ఉంటాయి. వాటిలో ఒకటి ఎంచుకుని అతణ్ణి చిత్రహింస పెట్టవలసినది ఆటగాడే. చూడడం వేరు, బటన్ నొక్కి చేయించడం వేరు. ఆ ఘట్టాన్ని పెద్దవారి కోసమే రాశారు, దాని చేదును పెద్దవారే అర్థం చేసుకోగలరు. ఇక ఆన్‌లైన్ విభాగంలో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు వాయిస్ చాట్‌లో ఏం మాట్లాడతారో ఏ రేటింగ్ సంస్థా ముందుగా చెప్పలేదు. ఆట తీసేసే ముందు ఒక అరగంట వాడి పక్కన కూర్చుని ఆడించి చూడండి; ఎందుకు వద్దంటున్నారో అప్పుడు మీరు ఆ ఆటలోంచే చూపించి చెప్పగలుగుతారు.

ప్రశ్న: పబ్జీని ప్రభుత్వం నిషేధించిందని విన్నాను. మా మనవడి ఫోన్‌లో అదే ఆట వేరే పేరుతో ఉంది. పైగా వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలుతో ‘అసలు పబ్జీ’ వేసుకుంటానంటున్నాడు. ఇవి చట్టవిరుద్ధమా? (రాజమహేంద్రవరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, ఆ నిషేధం హింస కోసం వచ్చినది కాదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద 118 యాప్‌లను నిలిపివేసింది. పబ్జీ మొబైల్ వాటిలో ఒకటి. చెప్పిన కారణాలు దేశ సార్వభౌమత్వం, రక్షణ, వినియోగదారుల సమాచార భద్రత. తర్వాత కొరియా కంపెనీ క్రాఫ్టన్ మన దేశం కోసమే ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ (బీజీఎంఐ) పేరుతో 2021 జులైలో ఆటను తెచ్చింది. 2022 జులైలో అదీ ఆగిపోయి, 2023 మేలో తిరిగి వచ్చింది. మీ మనవడి ఫోన్‌లో ఉన్నది అదే అయితే చట్టవిరుద్ధం కాదు. 18 ఏళ్ల లోపువారికి రోజుకు 3 గంటల పరిమితి ఉంది, కాకపోతే నమోదు సమయంలో వయసు నిజంగా చెప్పి ఉండాలి. ఎవరి వయసుతో, ఎవరి నంబరుతో నమోదైందో ఒకసారి చూడండి.

పిల్లల ప్రవర్తన కారణంగా చూపి నిషేధించిన సందర్భం గుజరాత్‌లో ఉంది. 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు 144 సెక్షన్ కింద పబ్జీని నిషేధించి, ఫోన్‌లో ఆడుతున్న కొందరు యువకులను అరెస్టు కూడా చేశారు. ఆట తయారుచేసినవారిని, అమ్మినవారిని వదిలి ఆడేవారిని పట్టుకోవడం ఈ సమస్యకు పూర్తిగా తప్పుడు మందు.

వాట్సాప్‌లో వచ్చిన ఫైలు మాత్రం వద్దే వద్దు. అది నిషిద్ధమైన యాప్ కావడం ఒక సంగతి. ఆ ఏపీకే ఫైలులో, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను నేరుగా ఫోన్‌లో వేసే ఫైలులో, ఇంకేం కలిపారో తెలియకపోవడం అంతకంటే పెద్ద సంగతి. అలాంటివి ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు పట్టుకుపోగలవు. ఫోన్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతికి, వాట్సాప్‌కూ బ్రౌజర్‌కూ ఆ అనుమతి ఆపేయండి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్ వరకు వెళ్లి, పిల్లవాడికి తెలియని పిన్ పెట్టి, వయసు మెట్టు ఎంచుకోండి. అక్కడ కనిపించే 3, 7, 12, 16, 18 అనే అంకెలు డెవలపర్ నింపిన ప్రశ్నావళి ఆధారంగా ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ ఏర్పాటు ఇచ్చేవి. ఇప్పటికే ఫోన్‌లో ఉన్న ఆటలను ఈ సెట్టింగ్ తీసెయ్యదు. వాటిని మీరే చూసి తొలగించాలి.

ప్రశ్న: మేము ఫ్రీమాంట్‌లో ఉంటాము. మా పదిహేనేళ్ల అబ్బాయి ఒక్కడే షాపుకు వెళ్లి ‘ఎం’ రేటింగ్ ఉన్న గేమ్ అడిగితే ఇవ్వలేదు. ఇది కాలిఫోర్నియా చట్టమని అతనంటాడు, కాదని మావారంటారు. ఎవరిది నిజం? (కాలిఫోర్నియా నుంచి ఒక తల్లి)

జవాబు: మీవారిదే నిజం, కానీ అబ్బాయి అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. 2005లో కాలిఫోర్నియా అలాంటి చట్టం చేసింది. తీవ్ర హింస ఉన్న ఆటను 18 ఏళ్ల లోపువారికి అమ్మినా, అద్దెకిచ్చినా 1,000 డాలర్ల వరకు జరిమానా అని అందులో ఉంది. గేమ్ కంపెనీలు, అమ్మకందారులు కోర్టుకు వెళ్లడంతో అది అమలుకే రాలేదు. 2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో దాన్ని కొట్టివేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, వీడియో గేములకు కూడా పుస్తకాలు, నాటకాలతో సమానంగా వాక్ స్వాతంత్ర్య రక్షణ ఉంటుందన్నారు. పిల్లలకు మనం చెప్పే పాత జానపద కథల్లోనూ రక్తపాతం తక్కువేమీ కాదని ఎత్తి చూపారు. ప్రభుత్వం చూపిన పరిశోధనలు ఆటకూ దూకుడుకూ పొంతన చూపించాయే తప్ప ఆటే కారణమని రుజువు చేయలేదని కోర్టు తేల్చింది.

మరి షాపువాడు ఎందుకు ఇవ్వలేదంటే, అది వ్యాపారులు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటు. 1993లో ‘మోర్టల్ కాంబాట్’ లాంటి ఆటల మీద అమెరికా సెనేట్ విచారణ జరిపినప్పుడు, ప్రభుత్వం చట్టం చేయకముందే పరిశ్రమ తనంతట తాను 1994లో ఈఎస్ఆర్‌బీని ఏర్పాటు చేసుకుంది. పెద్ద దుకాణాలు ఆ ముద్రను పాటిస్తాయి. మీరు వెంట ఉంటే అదే గేమ్ ఇస్తారు.

ఇతర దేశాల దారులు వేరు. జర్మనీలో యూఎస్‌కే అనే రేటింగ్ సంస్థ ఇచ్చే వయసు ముద్రకు 2003 నుంచి చట్టబలం ఉంది. ఆస్ట్రేలియాలో 2013 వరకు ఆటలకు పెద్దల వర్గమే లేకపోవడంతో, ఆ స్థాయి ఆటలు అమ్మకానికే నోచుకునేవి కావు. దక్షిణ కొరియా 2011లో, 16 ఏళ్ల లోపువారు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 వరకు ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని చట్టం చేసింది. పిల్లలు అమ్మానాన్నల గుర్తింపు నంబర్లతో లోపలికి వెళ్లారు, మొబైల్ ఆటలు దాని పరిధిలోకే రాలేదు, చివరకు 2022 జనవరి నుంచి దాన్ని ఎత్తేశారు. చైనా 2021లో ఇంకా బిగించి, 18 ఏళ్ల లోపువారికి శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ రాత్రి 8 నుంచి 9 వరకు ఒక్క గంట మాత్రమే ఇచ్చింది. వీటిలో మనకు జర్మనీ పద్ధతి నచ్చాలి. పెద్దవారు ఆడుకునే హక్కు జోలికి పోకుండా, అమ్మే చోట మాత్రమే వయసు అడిగి, అడగని దుకాణదారుడిని బాధ్యుణ్ణి చేస్తుంది.

ప్రశ్న: మా కాలేజీ ఫెస్ట్‌లో తలా 200 రూపాయలు వసూలు చేసి, ఆ మొత్తాన్ని గెలిచిన జట్టుకిచ్చేలా బీజీఎంఐ పోటీ పెట్టవచ్చా? (విజయవాడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: అలా వద్దు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం, డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆట నైపుణ్యంతో కూడినదైనా నిషిద్ధమే. నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. గుర్తింపు పొందిన ఈ-స్పోర్ట్స్‌కు మినహాయింపు ఉంది గానీ, పోగైన ప్రవేశ రుసుమునే బహుమతిగా పంచే మీ పద్ధతి ఆ మినహాయింపులో పడుతుందని నమ్మి దిగకండి. ప్రవేశం ఉచితంగా పెట్టి, కాలేజీ నిధుల నుంచి బహుమతి ఇవ్వండి. ఈ చట్టం కూడా డబ్బునే చూసింది, హింసకు వయసు మెట్లు పెట్టలేదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉన్నాను, నా స్నేహితులు ఒకరు పుణెలో, ఇద్దరు డాలస్‌లో. కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడాలనుకుంటున్నాం. దానికి ఏ సాఫ్ట్‌వేర్ కావాలి? ఎంత ఖర్చవుతుంది? దయ్యాల ఆట అని ఇంట్లో అభ్యంతరం చెబుతున్నారు. (హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని)

జవాబు: ముందు ఇంట్లోవారి మాట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో అమెరికాలో ప్రచురించిన ఆట ఇది. 1980లలో అక్కడా ఇదే భయం పుట్టింది. ఒక విద్యార్థి ఆత్మహత్యకు ఈ ఆటే కారణమని అతని తల్లి కోర్టుకు వెళ్లారు. ఆ కేసు నిలవలేదు. ఆ బిడ్డను పోగొట్టుకున్న తల్లి బాధను తక్కువ చేయలేం, కానీ ఆమె వేలు చూపించినది అసలు కారణం వైపు కాదు. నేడు వీడియో గేముల మీద వినిపించే వాదనలన్నీ ఆనాడు కాగితం, పెన్సిల్, పాచికలతో ఆడే ఈ ఆట మీద వినిపించినవే.

ఇంట్లోవారికి ఒక సన్నివేశం ఆడి చూపించండి. కథ నడిపేవారు అంటారు: “పాడుబడిన కోట, తుప్పు పట్టిన ఇనుప తలుపు, లోపల ఎవరో దగ్గుతున్నారు.” మీరు తలుపు నెడతానంటారు. అవసరమైన అంకె 15. ఇరవై ముఖాల పాచిక వేస్తే 11 పడింది. మీ పాత్ర బలానికి 3 కలిపితే 14. ఒక్కటి తక్కువ. తలుపు జానెడు తెరుచుకుని కీచుమంది, లోపలి దగ్గు ఆగిపోయింది. ఇప్పుడేం చేస్తారని నలుగురి వైపూ చూస్తారు. ఆటంతా ఇలాగే సాగుతుంది.

ఖర్చు విషయానికొస్తే సున్నాతో మొదలుపెట్టవచ్చు. 2023 జనవరిలో ఈ ఆట మూల నియమాలను ఎస్ఆర్‌డీ 5.1 పేరుతో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో విడుదల చేశారు. పీడీఎఫ్ ఉచితం, మూలాన్ని పేర్కొంటే తెలుగులోకి అనువదించి ప్రచురించుకోవచ్చు కూడా. ఎవరైనా ఆ పని తలపెడితే ఎంతో సంతోషిస్తాను. మాట్లాడుకోవడానికి డిస్కార్డ్, పటాలూ పాచికలకు రోల్20 చాలు. రెండోది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచిత ఖాతా మీ నలుగురికీ సరిపోతుంది. ఫౌండ్రీ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఇంతకంటే శక్తిమంతమైనది, నడిపేవారు ఒక్కరు ఒకసారి కొంటే అందరూ ఆడవచ్చు. అయితే మన దేశంలో చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివారు నేరుగా చేరగల చిరునామా, ఉండదు గనుక, మీ కంప్యూటర్ నుంచి నడిపితే డాలస్ వారు కనెక్ట్ కాలేకపోవచ్చు. దాన్ని కొంటే డాలస్‌లోని స్నేహితులనే నడపమనండి. వారికి శనివారం రాత్రి 8 అంటే మనకు ఆదివారం ఉదయం 6:30. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మార్చాక 7:30 అవుతుంది.

ఈ ఆటకు వయసు ముద్ర వేసే సంస్థ లేదు, కథలో ఎంత హింస ఉండాలన్నది మీరే తేల్చుకోవాలి. అనుభవమున్న బృందాలు కథ మొదలుపెట్టే ముందు ఒక పూట కూర్చుని, ఏవి అసలు రాకూడదో, ఏవి పేరుకు ప్రస్తావించి దాటేయాలో ఒప్పందం చేసుకుంటాయి. పిల్లల మీద హింస, లైంగిక హింస అసలు రాకూడని వాటిలో ఉంచడం మంచిది. ఆట మధ్యలో ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే చాట్‌లో ‘ఎక్స్’ అని కొడితే చాలు, కారణం అడగకుండా కథ నడిపేవారు ఆ సన్నివేశాన్ని వదిలి ముందుకు పోవాలి. ఈ నియమాన్ని డిస్కార్డ్‌లో అందరికీ కనిపించేలా పిన్ చేసి పెట్టుకోండి.